రాగిరెక్క భుజం మీద అతుకు

ఆఫీసులో ఆయన్ను చిత్రగుప్తుడు గారు అంటారు. ఆయన గది దాటగానే "గారు" రాలిపోతుంది. ఆ పేరు పెట్టినవాణ్ణి తప్పు పట్టడానికి లేదు. బొమ్మల పత్రికలో ఎవరు ఏ సంచికలో పుట్టారు, ఎవరికి ఏ కన్ను పోయింది, ఎవరు ఎన్నోసారి చచ్చారు, ఇవన్నీ పుట్టుగిట్టు పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. పాఠకుల ఉత్తరాలకు జవాబులు రాసే పేజీ కూడా ఆయనదే. ఇరవై ఆరేళ్లుగా ఆ పేజీని పాఠకులు తప్ప ఆఫీసులో ఎవరూ చదవలేదు. ఎడిటర్ అయితే చదవకుండానే సంతకం పెడతాడు.

ఉత్తరాలు మంగళవారం వస్తాయి, మామూలుగా ఒక సంచి. "రెండు లోకాల ఢీ" మొదటి భాగం వచ్చిన వారం ఐదు సంచులు వచ్చాయి.

రాగిరెక్క ఈ కంపెనీ వీరుడు. ఎగురుతాడు. పాతాళపిడికిలి పక్క కంపెనీ వీరుడు. గుద్దుతాడు. విడివిడిగా ఇద్దర్నీ కొనేవాళ్లు తగ్గిపోయేసరికి యజమానులిద్దరూ వియ్యమందుకున్నారు. ఆ శుభసందర్భంలో వీళ్లిద్దర్నీ కొట్టుకు చావమన్నారు. వాళ్లు కొట్టుకున్నారు. మూడు వంతెనలు, ఒక రైల్వే స్టేషను, సగం నగరం నేలమట్టం అయ్యాయి.

చిత్రగుప్తుడు కళ్లజోడు తుడుచుకుని సంచులు విప్పాడు.

"రాగిరెక్క తిన్నవి పందొమ్మిది దెబ్బలు, కొట్టినవి పదహారు. ఇదెక్కడి న్యాయం?" అని ఒకడు. మూడు దెబ్బల బాకీ వాడి సొంత వీపు మీద పడ్డంత బాధగా రాశాడు.

"పన్నెండో పేజీలో నెత్తురు మరీ ఎక్కువైంది, పిల్లలు చూసే పుస్తకం. పదమూడో పేజీలో బొత్తిగా తక్కువైంది" అని ఇంకొకాయన. రెండు ముక్కలూ ఒకే ఉత్తరంలో.

"దవడ విరిగితే ఫటక్ మని చప్పుడు రాదు. నేను పళ్ల డాక్టర్ని" అని మరొకరు.

కూలిన సగం నగరంలో మనుషులుంటారన్న సంగతి ఐదు సంచుల్లో ఒక్కడికే తోచింది. పాలు పోసే ఆయన ఎవరో కార్డు ముక్క రాశాడు. "మూడో పేజీలో పడిపోయిన మేడలో జనం ఉన్నారా అండీ? ముందే ఖాళీ చేయించారా?" చిత్రగుప్తుడు ఆ కార్డును గోడకు గుచ్చాడు. "ఉన్నారు" అని జవాబు రాశాడు.

మిగతావన్నీ నర్సు గురించి. ఆమె రాగిరెక్క భార్య. ఇరవై రెండో పేజీలో వంతెన కింద పడి చచ్చిపోయింది. ఒకామె మూడు రోజులు అన్నం మానేసిందట. ఒకడు బొమ్మలాయన చేతులు పడిపోవాలని శపించాడు. కొందరు గేటు దగ్గర పువ్వులు పెట్టి, వాటి పక్కన నిలబడి ఫోటోలు తీయించుకున్నారు.

"వీళ్లకి ఇళ్లల్లో ఏడవడానికి ఎవరూ దొరకలేదు కాబోలు" అన్నాడు చిత్రగుప్తుడు పైకే. గదిలో ఇంకెవరూ లేరు.

మూడో భాగం వచ్చేసరికి కథ ఇంకో మలుపు తిరిగింది. పాతాళపిడికిలి లోకంలో రాగిరెక్కకు పెళ్లి కాలేదు. రెండు లోకాలూ ఒకటి కావాలంటే ఎవరో ఒకరు తగ్గాలి. అడ్డం వచ్చింది ఆడమనిషి గనక ఆమే తగ్గింది. ఆకాశంలో పెద్ద గడియారం ఒకటి వెనక్కి తిరిగింది. కాలం మళ్లీ మొదటినుంచి నడిచింది. అందులో నర్సు లేదు.

ఎడిటర్ నీళ్ల సీసా పట్టుకుని గదిలోకి వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు.

"పెద్దాయనా, నర్సు పేజీ ఉంది చూడండి, అది చింపెయ్యండి."

"చచ్చిపోయిందని ఎక్కించేశాను బాబూ."

"చచ్చిపోలేదండీ. అసలు పుట్టలేదు."

"మరి నూట నలభై సంచికల్లో కనబడినావిడ ఎవరు?"

"ఎవరూ కాదు. కాలరేఖ మారింది."

"ఓహో. మారితే ఆవిడ పెట్టిన టీలన్నీ ఆయన వెనక్కి కక్కాలా?"

ఎడిటర్ నవ్వలేదు. చిత్రగుప్తుడూ నవ్వలేదు. "ఈ పుస్తకంలో చింపడం లేదు, చెరపడం లేదు. తప్పయితే అడ్డగీత కొట్టి పైన దిద్దుతాం. కింద ఏముందో కనబడాలి" అన్నాడు.

ఆ నియమం ఆయన పెట్టిందే. ఆఫీసులో పెట్టింది. ఇంట్లో పెట్టుకోలేదు.

ఇంట్లో ఏం చేశాడంటే, భార్య పోయిన వారం తిరగకుండా పాత సామాన్లు కొనే మనిషిని పిలిచాడు. బట్టలు, దువ్వెన, కళ్లజోడు, కుట్టుమిషను, ఆమె కూర్చునే కుర్చీ, అన్నీ ఒక్క బండిలో పోయాయి. కప్పులు ఆరుంటే ఒకటి ఉంచుకున్నాడు. గోడలకు సున్నం వేయించాడు. కూతురు పని చూసుకుని సాయంత్రం వచ్చేసరికి ఇల్లు కడిగిన పళ్లెంలా ఉంది.

"అమ్మదొక్క వస్తువైనా ఉంచలేదా నాన్నా?"

"పోయిన మనిషికి దువ్వెనెందుకు?"

"నాకు కావాలి. అడగాలని తోచలేదా?"

"తోచలేదు."

కూతురు గుమ్మంలోంచే తిరిగి వెళ్లిపోయింది. నాలుగు వీధుల అవతలే ఉంటుంది. పద్నాలుగు నెలలైంది, గడప తొక్కలేదు. ఆఫీసు నుంచి ఇంటికి ఊరికే వచ్చే పత్రికను ఆయన ఆమె చిరునామాకు మళ్లించాడు. ఎందుకంటే దాన్ని ముందు చదివే మనిషి ఇంట్లో లేదు. ఆయనకు తెలిసిన రాయబారం అదొక్కటే. అటునుంచి జవాబు లేదు.

భార్య ఆ పుస్తకాన్ని మెచ్చుకోవడానికి చదివేది కాదు. తప్పులు పట్టడానికి చదివేది. ఒకరోజు రాగిరెక్క బొమ్మ మీద వేలు పెట్టి, "ఎనభై ఏడు సంచికలుగా నిప్పుల్లోనూ మేకుల్లోనూ దొర్లుతున్నాడు. ఒక్కసారీ చొక్కా చిరగదా? పెళ్లాం ఉండి ఏం లాభం?" అంది. చిత్రగుప్తుడి పాత చొక్కా ఒకటి తెచ్చి, ఎడమ భుజం మీద అతుకు వేసి, "ఇదిగో, బొమ్మలాయనకి చూపించు, ఇలా ఉండాలి" అంది. ఆమెది ఎడమచేతి వాటం. కుట్లన్నీ లోకానికి ఎదురు వాలి ఉండేవి. ఎనభై ఎనిమిదో సంచికలో నర్సు మొగుడి చొక్కాకు అతుకేసింది. అప్పటినుంచీ రాగిరెక్క ఎక్కడికెగిరినా భుజం మీద ఆ అతుకు ఉంది. పుట్టుగిట్టు పుస్తకంలో నర్సు పేజీలో ఆయన రాసుకున్నాడు: ఎడమచేతి వాటం. ఎడమ భుజానికి అతుకు. పసుపు దారం.

కాలరేఖ మార్చిన సంచికకు తొమ్మిది సంచులు వచ్చాయి.

"చంపితే చంపారు, ఏడ్చి ఊరుకున్నాం. లేనే లేదంటారా?" అన్నారు చాలామంది. "వాళ్ల పెళ్లి సంచిక వచ్చిన నెలలోనే మా పెళ్లయింది. ఇప్పుడు మాకు పెళ్లయినట్టా కానట్టా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. "మీ ఆవిడ ముందు ఈ ప్రశ్న వేసి చూడండి" అని రాశాడు చిత్రగుప్తుడు. పాతాళపిడికిలి అభిమానులు మాత్రం సంబరంగా రాశారు. నగరం మళ్లీ నిలబడిందిగా, ఇంకోసారి కూల్చమన్నారు.

అయిదో సంచిలో ఒక దర్జీ ఉత్తరం ఉంది.

"అయ్యా, భార్య లేనే లేదంటున్నారు. చివరి పేజీలో చొక్కా భుజాన అతుకు అలాగే ఉంది. ఎవరు కుట్టారు? తనే కుట్టుకున్నాడందామంటే అతనిది కుడిచేతి వాటం. ఈ కుట్లు ఎడమ చేతివి. నలభై ఏళ్లుగా సూది పట్టుకున్నవాణ్ణి, నాకు చెప్పొద్దు. ఆ ఎడమ చేయి ఎవరిది?"

చిత్రగుప్తుడు పత్రిక తీసి చూశాడు. అతుకు ఉంది. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని పైఅంతస్తుకు వెళ్లాడు.

బొమ్మలాయన మసిగుడ్డతో కుంచె తుడుచుకుంటున్నాడు. "నిజమే అన్నా, పొరపాటైపోయింది. చేతికి అలవాటు. భుజం గియ్యగానే అతుకు దానంతటదే పడిపోతుంది."

"ఎడిటర్ చూశాడా?"

"చూడకేం. గేటు దగ్గర ముప్పైమంది భుజాలకి అతుకులేసుకుని నిలబడ్డారు. వచ్చే సంచిక నుంచి తీసెయ్యమన్నాడు. అది అచ్చుతప్పని నిన్ను జవాబు రాయమంటాడట."

ఎడిటర్ అదే అన్నాడు. "రెండే ముక్కలు రాయండి పెద్దాయనా. అది అతుకు కాదు, రంగు మరక. గొడవ వదిలిపోతుంది. మధ్యాహ్నం లోపు పేజీ ప్రెస్సుకు పోవాలి."

"మరకకి కుట్లుంటాయా?"

"మీకెందుకండీ అంత పట్టుదల? అదేమన్నా మీ చొక్కానా?"

చిత్రగుప్తుడు గదికి వచ్చాడు. తలుపు వేసుకున్నాడు.

పాత సామాన్లవాడి బండికి అందకుండా మిగిలింది ఆ అతుకొక్కటే. ఉంచాలని ఉంచింది కాదు, బండి ఎక్కించడానికి వీలుకాక మిగిలింది. నెలకో లక్షమంది చూస్తున్నారు. వచ్చే నెల చూడరు. మరక అని తన చేత్తో రాస్తే అది మరకే అవుతుంది. ఈ పేజీలో ఏం రాస్తే అదే జరిగినట్టు. ఇరవై ఆరేళ్లుగా జనానికి ఆ అలవాటు చేసింది ఆయనే.

కలం తీసి రాశాడు:

"దర్జీ గారికి. అది అచ్చుతప్పు కాదు. మీరన్నట్టు ఎడమ చేతి కుట్టే. పసుపు దారంతో కుట్టింది. కుట్టినావిడ చనిపోయింది. లేకుండా పోలేదు. తప్పు అతుకు ఉంచినవాళ్లది కాదు, మిగతావన్నీ తీసేసినవాడిది."

ఎడిటర్ అలవాటు ప్రకారం చదవకుండా సంతకం పెట్టాడు.

పత్రిక బజార్లోకి వెళ్లాక చదివాడు. మొహం కందగడ్డ అయింది. "మిగతావన్నీ తీసేసినవాడు అంటే ఎవరండీ? నేనేనా?" అని మేడ అదిరేలా అరిచాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు.

"మీరు కాదు బాబూ" అన్నాడు చిత్రగుప్తుడు.

ఈలోగా పదకొండు సంచులు వచ్చాయి. "తీసేసినవాడు" అంటే మూడో లోకం నుంచి రాబోయే కొత్త రాక్షసుడని పాఠకులు తేల్చేశారు. వాడి బలాబలాలు లెక్కగట్టి పట్టికలు పంపారు. ఒకడు బొమ్మ కూడా గీశాడు: కొమ్ములు, చేతిలో చీపురు. ఎడిటర్ వెంటనే చల్లబడ్డాడు. ఆ చీపురు రాక్షసుడి కథ ఎప్పుడు మొదలుపెడదామని అడిగాడు. అతుకు ఉంచమన్నాడు.

ఆదివారం ఉదయం తలుపు చప్పుడైంది. కూతురు. చేతిలో పత్రిక.

లోపలికి వచ్చి నిలబడింది. కూర్చుందామంటే కుర్చీ ఒక్కటే.

"టీ తాగుతావా అమ్మాయ్?"

"ఏ కప్పులో?"

ఆయన పొయ్యి వెలిగించాడు. టీ కాచాడు. ఆమెకు కప్పులో పోసి, తను గిన్నెతో తాగాడు.

"రాయడం బాగా రాశావు" అంది కూతురు. "లక్షమందికి చెప్పావు. నాలుగు వీధులు నడిచొచ్చి నాకు చెప్పడానికి కాళ్లు రాలేదు."

"నీకు పత్రిక వస్తోందిగా."

"వస్తోంది. చదువుతున్నాను. పసుపు దారం కాదు."

"ఏమిటి?"

"పసుపు కాదు, నారింజ. నా స్కూలు సంచి కుట్టగా మిగిలిన దారం అది. నేనే సూదిలోకి ఎక్కించి ఇచ్చాను."

"పసుపే. పుస్తకంలో రాసి ఉంది."

"రాసిందెవరు?"

గిన్నెలో టీ చల్లారింది. కూతురు కప్పు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

తన పుస్తకంలో తప్పుందని ఒకరు అనడం ఇరవై ఆరేళ్లలో ఇదే మొదటిసారి. సోమవారం వెళ్లీ వెళ్లగానే పైఅంతస్తు ఎక్కాడు, కూతురిది తప్పని తేల్చడానికి.

"తమ్ముడూ, మొట్టమొదట నీకో చొక్కా తెచ్చిచ్చాను, గుర్తుందా? అతుకేసింది. దాని దారం ఏ రంగు?"

బొమ్మలాయన ఇబ్బందిగా చూశాడు. తర్వాత చేతిలో మసిగుడ్డ వైపు చూశాడు. "ఇదే అన్నా. పారెయ్యబుద్ధి కాలేదు. బాగా పీల్చుకుంటుంది."

చిత్రగుప్తుడు అందుకున్నాడు. సగం చొక్కా. నల్లసిరా, ఎర్రసిరా, నీలం. భుజం దగ్గర అతుకు చెక్కుచెదరలేదు. పైన కుట్లు వెలిసి పసుపుగా ఉన్నాయి. తిరగేశాడు. లోపలివైపు దారం నారింజ రంగులో, నిన్న కుట్టినట్టుంది.

దాన్ని చేత్తో పట్టుకునే కిందికి దిగాడు. గదికి వచ్చి పుస్తకం తీసి, నర్సు పేజీలో "పసుపు" మీద అడ్డగీత కొట్టి, పైన "నారింజ" అని రాసి, తేదీ వేశాడు. ఇప్పుడు పసుపు దారంతో అచ్చయిన యాభైకి పైగా సంచికలు తప్పయ్యాయి. దర్జీ ఊరుకోడు. రాయనీ.

తర్వాత కూతురికి ఫోన్ చేశాడు.

"నారింజే."

"చెప్పానుగా."

"చొక్కా ఉంది. బొమ్మలాయన దగ్గర దొరికింది. మసిగుడ్డ చేసుకున్నాడు."

ఆయన చేతిలో గుడ్డ మీది సిరా మరకల కేసి చూశాడు.

"ఉతికి పంపిస్తాను" అన్నాడు.

"ఉతక్కు" అంది కూతురు. "నువ్వు దాన్నేమీ చెయ్యకు. బల్లమీద పెట్టి చేతులు కట్టుకుని కూర్చో. నేనొస్తున్నాను."