రెండు వేళ్ల తేడా

మిల్లు గేటు ముందు మూడు తుపాకులు పేలాయి. మూడూ గాల్లోకే కాల్చామని ఆ మధ్యాహ్నమే పోలీసు సూపరింటెండెంటు ప్రకటన ఇచ్చాడు. గాల్లోకి కాలిస్తే కాకులు చావాలి. చచ్చింది కండెల అక్క.

కండెలు చుట్టే షెడ్డులో పందొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి ఆమె. ఆకాశాన్ని దించమని అడగలేదు. షిఫ్టు నడిచేటప్పుడు షెడ్డు తలుపులకు బయటినుంచి తాళం వేయొద్దంది. అంతే. కిందటి నెల దూదికి నిప్పంటుకున్నప్పుడు లోపలున్న ఆడవాళ్లు తలుపులు బాది బాది చేతులు పుళ్లు చేసుకున్నారు. తాళంచెవి ఉన్న మేస్త్రీ అప్పుడు టీ తాగడానికి వెళ్లాడట. అంత జరిగాక కూడా తాళం పడుతూనే ఉంది. దాంతో నాలుగొందల మంది పని ఆపి గేటు ముందు కూర్చున్నారు. కండెల అక్క పత్తి బండెక్కి మాట్లాడుతోంది. ఆమె చేతిలో కర్ర లేదు, రాయి లేదు.

ఇదంతా ఊచ మామ కళ్లారా చూశాడు.

ఊచ మామ పోలీసు కాడు. పోలీసుల ఆయుధాల గదిలో తుపాకులు తుడిచే ఐదుగురిలో పెద్దవాడు. గొట్టంలో గుడ్డపేలిక నడిపే ఉక్కు ఊచ ఇరవై ఆరేళ్లుగా చేతిలో ఉండి ఉండి అదే పేరై కూర్చుంది. దళం ఎక్కడికి కదిలినా తన పెట్టె పట్టుకుని వ్యానులో వెనక సీటెక్కాలి. కదం తొక్కేది వాళ్లు, కిక్కురుమనకుండా కూర్చునేది అతను. ఆ రోజూ అలాగే కూర్చున్నాడు. సూపరింటెండెంటు జీపు పక్కన నిలబడి పత్తి బండి వైపు వేలు చూపించాడు. పదిహేడో నంబరు తుపాకీ పట్టుకున్న కానిస్టేబులు జీపు బానెట్ మీద మోచెయ్యి ఆనించి ఊపిరి బిగబట్టాడు. మిగతా ఇద్దరూ ఆకాశంలోకి కాల్చారు. పదిహేడు అడ్డంగా పేలింది.

ఆ క్షణంలో ఊచ మామ మనసులో మెదిలిన మాట చెబితే మీరు అతన్ని తిడతారు. తిట్టండి. ‘శభాష్, దారం పట్టినట్టు వెళ్లింది’ అనుకున్నాడు. పనివాడి గర్వం మనిషి కంటే ముందు లేచింది. మరుక్షణం కండెల అక్క బండి మీదే మోకాళ్ల మీద కూలిపోయింది. ఆమెను ఒళ్లోకి తీసుకున్నది అదే షెడ్డులో పనిచేసే అతని భార్యే.

మర్నాడు సూపరింటెండెంటు ఆయుధాల గదికి తనంతట తాను వచ్చాడు. బల్ల మీద విప్పి పెట్టిన తుపాకులు, నూనె డబ్బా, చింపిన పేలికల కుప్ప. ఐదుగురూ లేచి నిలబడ్డారు.

“కూర్చోండి, కూర్చోండి. మన ఇంటివాళ్లే కదా” అన్నాడు.

ఇరవై ఆరేళ్లలో ఆ గదిలో వాళ్లను కూర్చోమన్న అధికారి లేడు. ఎవరూ కూర్చోలేదు.

అతను ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. టైపు చేసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. పదిహేడో తుపాకీ కూడా గాల్లోకే పేలిందట. కాకపోతే అంతకుముందు తనిఖీ కోసం గొట్టాలకు నూనె పట్టించారట, ఆ నూనె తుడవకుండానే తుపాకీ ఇచ్చేశారట, అందువల్ల గుండు దారి తప్పి కిందికి వచ్చిందట. తప్పు కాల్చినవాడిది కాదు, కాల్చమన్నవాడిది కాదు. తుడిచినవాడిది. అత్త కొట్టినందుకు కాదు తోడికోడలు నవ్వినందుకు ఏడవమన్నట్టు ఉంది.

“గొట్టంలో నూనె ఉంటే మొదటి గుండు తప్పుతుందని నువ్వే కదోయ్ మా కుర్రాళ్లకు పాఠాలు చెప్పేది? సంతకం పడెయ్. మూడు నెలలు ఇంట్లో కూర్చుంటావు. ఆ తరవాత మళ్లీ ఇదే బల్ల, ఇదే ఊచ.”

“పెట్టకపోతే అయ్యా?”

“పెట్టకపోతే గేటు దగ్గర గొడవ లేవదీసినవాళ్ల పేర్లలో నీ పెళ్లాం పేరు ముందుంటుంది. దాని కింద నీది. ఎల్లుండే విచారణ. ఆలోచించుకో.”

అతను వెళ్లగానే గది అట్టుడికిపోయింది. నలుగురు సహాయకుల్లో అందరికంటే పిరికివాణ్ని బిక్కడు అంటారు. వాడికి గట్టిగా తుమ్మాలన్నా భయమే.

“పెట్టెయ్ మామా. కళ్లు మూసుకుంటే మూడు నెలలెంత!” అన్నాడు బిక్కడు.

“కళ్లు మూసుకున్నావిడ ఒకావిడ ఉందిరా అక్కడ. మళ్లీ తెరుస్తుందా?” అన్నాడు పొడుగోడు.

“మనమా కాల్చింది? మనం తుడుస్తాం, వాళ్లు కాలుస్తారు. వాళ్ల పాపం వాళ్లదే.”

“కత్తి నూరి చేతికిచ్చి, కోసింది నేను కాదంటే సరిపోద్దా?”

“ఆగండ్రా” అన్నాడు ఊచ మామ. “ముందు ఇది చెప్పండి. ఆ పొద్దున పదిహేడుకి నూనె తుడిచామా లేదా?”

బిక్కడు తల దించుకున్నాడు. “నేనే తుడిచాను మామా. పొడి పేలిక తెల్లగా వచ్చేదాకా నడిపాను. ఆ తరవాత నువ్వు రెండు గుళ్లు ఇసక గుట్టలోకి కాల్చావు.”

అది ఊచ మామ పెట్టుకున్న పద్ధతి. ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ చెప్పలేదు. శుభ్రం చేసిన తుపాకీ మొదటి రెండు గుళ్లకు దారి వెతుక్కుంటుంది. మూడోదానికి కుదురుకుంటుంది. అందుకని పెరట్లోని ఇసక గుట్టలోకి రెండు కాల్చాకే పోలీసు చేతికిస్తాడు. ఈ సంగతి సూపరింటెండెంటుకు తెలియదు. ఆయనకు తెలిసింది మెరుపు ఒక్కటే. తనిఖీ నాడు గొట్టంలోంచి చూస్తే కన్ను జిగేల్మనాలి, బస్.

ఇంటికి వెళ్లేసరికి భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె చీర మీద మరక ఇంకా ఉతకలేదు.

“చేతులు కడుక్కుని రా” అంది.

“కడుక్కునే వచ్చానే.”

“మళ్లీ కడుక్కో.”

అతను మళ్లీ కడుక్కున్నాడు. సబ్బు పెట్టి మోచేతుల దాకా తోముకున్నాడు. గోళ్ల సందుల్లో తుపాకీ మందు మసి మాత్రం ఇరవై ఆరేళ్లనాటిది, అది పోదు. కాగితం సంగతి ఆమెకు చెప్పాడు, పేర్ల బెదిరింపుతో సహా. ఆమె అంతా విని, “నాతో కాదు, అందరి ముందూ చెప్పు” అని అతని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

మిల్లు ఇళ్ల వరసల మధ్య ఖాళీ జాగాలో మీటింగు జరుగుతోంది. అతన్ని చూడగానే కేకలు ఒక్కసారిగా లేచాయి.

“తుపాకులు కడిగేవాడికి ఇక్కడేం పని?”

“ఇంకెవరికి గురి పెట్టాలో చూసి పోదామని వచ్చాడేమో!”

“వదినా, నీ మొగుణ్ని తీసుకుపో. మర్యాదగా చెబుతున్నాం.”

“తీసుకుపోను” అంది భార్య. “నాకంటే మీకెక్కువ కోపమా? కండెల అక్క పోయింది నా ఒళ్లో. ముందు వినండి, తరవాత తన్నాలనిపిస్తే నేనూ ఓ చెయ్యి వేస్తాను.”

షెడ్డు ఊడ్చే చీపురు అవ్వ ముందు వరసలో కూర్చుని ఉంది. ఇంకెవరూ నోరు తెరవకముందే అడిగింది.

“ఒరేయ్ అబ్బాయ్, ఆ తుపాకీని ఎన్నాళ్లకోసారి తుడుస్తావురా?”

ఈ ప్రశ్న అతన్ని ఇరవై ఆరేళ్లుగా ఎంతోమంది అడిగారు. జవాబు నోటికి దానంతటదే వచ్చింది. “పైపైన రోజూ తుడుస్తామవ్వా, తుప్పు పట్టకుండా. లోపల గొట్టాన్ని రోజూ తోమకూడదు, అరిగిపోద్ది. గుళ్లు ఒకచోట పడేవి చెదరడం మొదలయ్యాకే కుంచె పెట్టాలి. ఒక్కో తుపాకీకి ఒక్కో లెక్క. పదిహేడుకి రెండొందల గుళ్లు. అప్పటిదాకా అది చెప్పినచోటే కొడుతుంది.”

“చెప్పినచోటే.”

“ఆఁ.”

“అయితే నువ్వు ఎంత శ్రద్ధగా తుడిస్తే మేం అంత తిన్నగా చస్తామన్నమాట.”

ఊచ మామను చెంప మీద కొట్టినా బాగుండేది. తన పనితనం మీద ఇన్నేళ్లు మీసం మెలేశాడు. ఆ పనితనం ఎవరి కోసమో, ఎవరి మీదో ఒక్కనాడూ తనను తాను అడగలేదు. అన్నం పెట్టే పని కదా అనుకున్నాడు. సిగ్గేసింది. దాని వెనకే కోపం వచ్చింది. ముందు తన మీద, తరవాత ఆ టైపు కాగితం మీద.

“నన్ను తిట్టండి, పడతాను” అన్నాడు. “కానీ ఒక్క మాట. నా చేత అబద్ధం చెప్పించి ఆమె చావును ప్రమాదం చేద్దామనుకుంటున్నారు. తుపాకీలో నూనె లేదు. ఉన్నా అలా జరగదు. ఎందుకు జరగదో నాకు తెలుసు, నాతో ఉన్న నలుగురికి తెలుసు.”

“మరి విచారణలో చెబుతావా?” అంది ఎవరో వెనకనుంచి.

“చెబితే లోపలేస్తారు. ఈమెను కూడా.”

భార్య అతని వైపు తిరిగి చూసింది. “నేను రోజూ తాళం వేసిన షెడ్డులో ఎనిమిది గంటలుంటాను. జైలు కొత్తా నాకు?” అంది.

విచారణ మిల్లు క్యాంటీన్‌లో పెట్టారు. రెండు రెక్కల పెద్ద తలుపు, బల్లలు గోడకు జరిపారు, నేల మీద ఆడవాళ్లు కిక్కిరిసి కూర్చున్నారు. విచారణాధికారి కళ్లద్దాలు తుడుచుకుంటూ మెత్తగా మాట్లాడే మనిషి. ఆయన పక్కనే సూపరింటెండెంటు కూర్చున్నాడు. నేరం ఎవరి మీదో, వాళ్లకే పక్క కుర్చీ.

“సంతకం ఇంకా పెట్టలేదేం?” అన్నాడు అధికారి.

“పెట్టనండి. అందులో ఉన్నది అబద్ధం.”

“చూడు బాబూ, గొట్టంలో నూనె ఉంటే గుండు తప్పుతుందా తప్పదా?”

“తప్పుతుందండి. వంద అంగల దూరంలో నాలుగు వేళ్లు తప్పుతుంది. గేటు దగ్గర జీపు నుంచి పత్తి బండికి నలభై అంగలు. ఎంత నూనె ఉన్నా రెండు వేళ్లు దాటదు.” ఊచ మామ రెండు వేళ్లు ఎత్తి పట్టుకున్నాడు. “ఇదిగోండి, ఇంత. నూనె గుండుని ఇంత తప్పిస్తుంది. ఆకాశంలోకి పేల్చిన గుండుని తీసుకొచ్చి ఆడమనిషి గుండెలో పెట్టదు. ఇప్పుడే పదిహేడు తెప్పించండి. డబ్బాడు నూనె పొయ్యండి. ఆకాశంలోకి కాల్పించండి. కిందికి వస్తే నన్ను ఉరి తీయండి.”

హాలంతా హోరెత్తింది. సూపరింటెండెంటు లేచాడు. “వీడు పని సరిగా చేయక…”

“నా పని సరిగానే చేశానయ్యా! అదే నా ఏడుపు!” అని అరిచాడు ఊచ మామ. ఆ గొంతు అతనికే కొత్తగా ఉంది. “మీరు వేలు చూపించారు. అతను మోచెయ్యి ఆనించాడు. తుపాకీ చెప్పినచోటే కొట్టింది. నేను వ్యానులోంచి చూశాను.”

అధికారి కళ్లద్దాలు మళ్లీ తుడుచుకున్నాడు. సాక్ష్యం కోసం తెమ్మన్న ఊచలు పట్టుకుని గోడ దగ్గర నిలబడ్డ నలుగురు సహాయకుల వైపు తిరిగి, ఒకళ్లైనా మెత్తబడకపోతారా అని, అందరికంటే బెదురుగా ఉన్నవాణ్ని ఎంచుకున్నాడు. “నువ్వు చెప్పు. ఆ తుపాకీని మీరు ఎన్నాళ్లకోసారి శుభ్రం చేస్తారు?”

బిక్కడు చేతిలోని ఊచను నేల మీద పెట్టాడు. ఉక్కు గచ్చు మీద ఖంగుమంది.

“ఇంతకుముందు రెండొందల గుళ్లకోసారి అయ్యా. ఇకమీదట చెయ్యం.”

పొడుగోడి ఊచ పడింది. తరవాత మిగిలిన రెండూ పడ్డాయి. ఊచ మామ తన ఊచను ఒకసారి చూసుకుని అన్నిటికంటే చివర, వంగి, చప్పుడు కాకుండా పెట్టాడు.

“అరెస్టు చేయండి!” సూపరింటెండెంటు కేకలు పెట్టాడు. “ఐదుగుర్నీ! తలుపులు వేసి తాళం పెట్టండి, ఒక్కళ్లు కూడా బయటికి పోకూడదు!”

రెక్కలు మూసుకున్నాయి. బయట గడియ పడింది, తాళం పడిన చప్పుడు లోపలివాళ్లందరికీ వినపడింది. ఏ చప్పుడు మానమని ఒక మనిషి ప్రాణం పోగొట్టుకుందో అదే చప్పుడు. పోగాలం దాపురించినవాడికి తప్ప ఆ బుద్ధి పుట్టదు.

“మళ్లీ వేశార్రా తాళం!” అంది చీపురు అవ్వ.

ఎవరు ముందు లేచారో ఎవరూ చెప్పలేరు. నాలుగొందల మంది ఒక్కసారిగా తలుపు మీద పడ్డారు. మొదటి ఊపుకి చెక్క మూలిగింది. రెండో ఊపుకి బందులు గోడలోంచి లేచాయి. మూడో ఊపుకి రెండు రెక్కలూ తాళంతో సహా బయటికి పడిపోయాయి. ఆ తలుపు మీదుగానే నడిచి ఎండలోకి వచ్చారు. ఊచ మామ, నలుగురు సహాయకులు వాళ్ల మధ్యలో ఉన్నారు.

బయట మూడు తుపాకులు వరసగా నిలబడి ఉన్నాయి. నడిమిది పదిహేడు. ఇరవై అంగల దూరం కూడా లేదు. వెనకనుంచి సూపరింటెండెంటు, “కాల్చండి! గాల్లోకి కాల్చండి!” అని అరిచాడు.

ఆ తుపాకీ గురి తప్పదని ఇప్పుడు అందరికీ తెలుసు. ఊచ మామకు అందరికంటే బాగా తెలుసు. భార్య చెయ్యి పట్టుకుని ముందుకు నడిచాడు. ఆమె పక్కన చీపురు అవ్వ, అవ్వ పక్కన బిక్కడు. వెనక నాలుగొందల మంది. ఎవరూ పరుగెత్తలేదు, ఎవరూ ఆగలేదు.

పదిహేడు పట్టుకున్న కానిస్టేబులు ఊచ మామ ముఖంలోకి చూశాడు. గాల్లోకి పేలింది, నూనె తప్పించింది అని చెప్పుకునే దారి లోపల హాల్లోనే మూసుకుపోయింది. ఇక పేలితే పేల్చినవాడి పేరు ఒక్కటే మిగులుతుంది. అతని చేతులు కిందికి దిగాయి. తుపాకీ మొన నేలను తాకింది.

సాయంత్రానికి ఊచ మామను పట్టుకుపోయారు, నిజమే. ఇంటికి వచ్చి మరీ తీసుకుపోయారు. వ్యాను కదిలేలోపు అతని భార్య ఎక్కి కూర్చుంది. పొడుగోడు ఎక్కాడు, బిక్కడు ఎక్కాడు, మిగతా ఇద్దరూ ఎక్కారు. చీపురు అవ్వను ఎవరో పైకి అందించారు. ఆ తరవాత వరస ఇళ్లలోంచి ఒక్కొక్కరే వస్తూ, మమ్మల్నీ ఎక్కించుకోండని వ్యాను తలుపు బాదారు. అంతమందికి సరిపడా తాళాలు ఆ పూట పోలీసుల దగ్గర లేవు.