నలుగురి రోజు

శనివారం సాయంత్రం సంచులత్త సూపర్‌మార్కెట్ గుమ్మంలో కనిపిస్తే చాలు, బిల్లు కొట్టే అమ్మాయి మొహం మీదికి నవ్వు వచ్చేసేది. వచ్చేవాళ్ళెవరైనా ఒక సంచి తెచ్చుకుంటారు, మహా అయితే రెండు. ఈవిడ సబ్బుకొక సంచి, పిండికొక సంచి, ఉల్లిపాయలకొక సంచి, ఆఖరికి అగ్గిపెట్టెకి కూడా అరచేయంత సంచి ఒకటి తీసేది. సొంత సంచికి అదనంగా పాయింట్లు ఇస్తామని కొట్టువాళ్ళు పెద్ద బోర్డు రాయించి పెట్టారు మరి. "సంచికి ఇన్ని పాయింట్లు అన్నారు గానీ, మనిషికి ఇన్ని అనలేదు కదమ్మా," అని అత్త వాదన. మేనేజరు రెండుసార్లు వచ్చి తన బోర్డు తనే చదువుకుని, తల గోక్కుని వెళ్ళిపోయాడు.

ఆ సంచులన్నీ ఆవిడ కుట్టినవే. తమ్ముడింట్లో వీధివైపు గదిలో ఆవిడ కుట్టుమిషను ఉంది. పొడుగైన ప్యాంట్లు పొట్టి చేయడం, పాడైన జిప్పులు మార్చడం, ఒళ్ళు చేసినవాళ్ళ బట్టలు వాళ్ళు నొచ్చుకోకుండా వదులు చేయడం ఆవిడ పని. మిగిలిన గుడ్డముక్కలు సంచులయ్యేవి, సంచులు పాయింట్లయ్యేవి, ఆ పాయింట్లన్నీ ఏడాది తిరిగేసరికి ఒక రోజయ్యేవి.

రోజులు ఆ కొట్లో చల్లటి అరలో, పాలూ వెన్నా పక్కనే ఉండేవి. ఒక్కో రోజు వెన్న ప్యాకెట్టంత ఉంటుంది. వెండికాగితం చుట్టి, మీద ఏ రోజో అచ్చు వేసి ఉంటుంది. జంతువుల రోజు, రైలు రోజు, కొండ రోజు, సరస్సు రోజు. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల ఏదో మెల్లగా మసులుతున్నట్టు వినిపిస్తుంది. డబ్బు పెట్టి కొనాలంటే మామూలు సంసారులకి అందేవి కావు, పాయింట్లకైతే వచ్చేవి. తెచ్చి ఫ్రిజ్‌లో దాచుకోవాలి. వెళ్ళాలనుకున్న పొద్దున గుమ్మం దగ్గర నిలబడి కాగితం విప్పితే, గడప అవతల ఆ రోజు సిద్ధంగా ఉంటుంది. విప్పేటప్పుడు అక్కడ ఎవరుంటే వాళ్ళదే రోజు. సాయంత్రం దాకా తిరిగి, అదే గడప దాటి ఇంట్లోకి వచ్చేయడమే. తేదీ మాత్రం దాటనివ్వకూడదు. ఎదురింటి పోస్ట్‌మ్యాన్ కక్కుర్తిపడి, తేదీ దాటిన జంతువుల రోజు సగం పాయింట్లకి పట్టుకొస్తే, పులి నుంచి తాబేలు దాకా అన్నీ వాళ్ళకి వీపు తిప్పి పడుకున్నాయట.

ప్రతి ప్యాకెట్టు మీదా అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉండేది: ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు.

అత్త తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. మరదలు స్కూలు ఆఫీసులో పని చేస్తుంది. పిల్లలు పెద్దవాడు, చిన్నది. ఈ నలుగురికీ ఆ ప్యాకెట్టు కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయేది. అత్త ఐదో మనిషి.

మొదటిసారి ఐదుగురూ వెళ్ళారు. అది కొండ రోజు. నలుగురికి కట్టిన రోజుని ఐదుగురు పంచుకునేసరికి పొద్దు చాలలేదు. కొండ సగం ఎక్కకుండానే, తెచ్చుకున్న డబ్బాలు విప్పకుండానే చీకటి పడిపోయింది. చిన్నది దారి పొడుగునా ఏడ్చింది. మరుసటి ఏడాది అత్తే అంది. "నాకు మోకాళ్ళ నొప్పులురా. మీరు వెళ్ళిరండి, ఇల్లు నేను చూసుకుంటాను." నిజానికి ఆవిడ మోకాళ్ళు గుర్రం మోకాళ్ళు. "అదేంటక్కా, అలా అంటావు?" అన్నాడు తమ్ముడు. రెండోసారి అనలేదు. అప్పటి నుంచీ రోజు వచ్చిన ప్రతిసారీ పొద్దున్నే లేచి నలుగురికీ రొట్టెలు సర్దడం, గుమ్మంలో నిలబడి చేయి ఊపడం, సాయంత్రం వాళ్ళు చెప్పే కబుర్లకి ఊ కొట్టడం అత్త వంతు అయింది.

ఈ ఏడాది అత్త కళ్ళు మొరాయించాయి. సూదిలోకి దారం ఎక్కడం లేదు. ఒకాయన ప్యాంటుకి అంచు కుడుతూ ఒక కాలు అడుగున పూర్తిగా మూసి కుట్టేసింది. ఆయన పెళ్ళికి వెళ్తూ ఆదరాబాదరాగా అందులో కాలు దూర్చి, అక్కడే గెంతి గెంతి కిందపడ్డాడు. కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, "మీ కళ్ళు దూరం మరిచిపోయాయమ్మా," అన్నాడు. "రోజూ కాసేపు దూరంగా చూడండి. లేదంటే దగ్గరివి కూడా ఆనవు."

మిషను ముందు కూర్చుంటే అత్తకి కనిపించే వాటిలో అన్నిటికంటే దూరమైనది పోస్ట్‌మ్యాన్ ఇంటి గోడ. పాపం, వారం రోజులు దాన్నే గుడ్లప్పగించి చూసింది. పోస్ట్‌మ్యాన్ భార్య వచ్చి, "మా గోడకి ఏమైనా అయిందా వదినగారూ?" అని అడిగింది. కళ్ళకి మాత్రం మసక తగ్గలేదు. మిషను పోతే ఈ ఇంట్లో తనెవరు? ఇల్లు కాపలా కాసే మనిషి, అంతే కదా. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా అత్త మిషను ఇంకా గట్టిగా తొక్కేది. పైకి మాత్రం ఎవరితోనూ అనేది కాదు.

ఈసారి పిల్లలు సరస్సు రోజు కావాలన్నారు. అత్త కొట్టు నుంచి తెస్తూ దారిలో ప్యాకెట్టు చెవికి ఆనించుకుంది. లోపల నీళ్ళు రాతిమెట్లని తడుముతున్న చప్పుడు. అవతలి ఒడ్డు ఎంత దూరంలో ఉంటుందో అనుకుంది. వెంటనే తనని తనే కసురుకుని, ప్యాకెట్టుని సంచిలో పెట్టేసింది.

ఆదివారం అందరికంటే ముందు లేచింది. వంటింటి గట్టు మీద నాలుగు డబ్బాలు తెరిచి, రొట్టె ముక్కలు పరిచి, ఫ్రిజ్‌లోంచి వెండికాగితం ప్యాకెట్టు తీసింది. వెన్న అనుకుంది. మసక కళ్ళకి రెండూ ఒకటే. గాలి కోసం పెరటి తలుపు తీసి, ఆ వెలుగులో నిలబడి, చాకు కొనతో కాగితం మూల విప్పింది.

కాళ్ళకి చల్లగా తగిలింది. చూస్తే గడప అవతల పెరడు లేదు. నీళ్ళున్నాయి.

"అయ్యో అయ్యో! ఒరేయ్ తమ్ముడూ! లేవండర్రా!" అని కేక పెట్టింది. కేక నీళ్ళ మీదుగా చాలా దూరం వెళ్ళి, తీరిగ్గా తిరిగొచ్చింది. గబగబా కాగితం మూల మళ్ళీ మడవబోయింది. విరిగిన పాలు మళ్ళీ పాలవుతాయా? వెనక్కి తిరిగేసరికి వంటిల్లు కూడా లేదు, రేవు మెట్లున్నాయి. చేతిలో చాకు, గట్టు ఉన్నచోట మెట్టు మీద రొట్టెల డబ్బాలు, కంటినిండా నీళ్ళు. పసిపిల్లల రోజు మింగేశానే అని ఆ మెట్ల మీదే కూలబడింది.

మెట్ల చివర వరసగా పడవలు కట్టి ఉన్నాయి. వాటి యజమానురాలు, కుడిచేతికి గుడ్డకట్టు వేసుకున్న పెద్దావిడ, దగ్గరికొచ్చి అడిగింది. "మిగతావాళ్ళేరీ?"

"ఎవరూ లేరమ్మా. వెన్న అనుకుని విప్పేశాను."

పడవలావిడ నవ్వలేదు. "నలుగురి రోజు ఒక్కదానివే తెచ్చుకున్నావన్నమాట. అయితే తాపీగా కూర్చో. ఇవాళ పొద్దు ఇప్పట్లో గూట్లో పడదు."

నిజంగానే పడలేదు. పొద్దున ఎంతకీ పొద్దున్నే. అత్త ఏడవాల్సినంతసేపు ఏడ్చింది, ఏడ్చి మొహం కడుక్కుంది, ఒక డబ్బాలో రొట్టె తిన్నది, అయినా ఎండ లేతగానే ఉంది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి. రేవు మూల ఆరెంజ్ రంగు లైఫ్ జాకెట్లు గుట్టగా పడి ఉంటే వెళ్ళి తిరగేసింది. సగం వాటికి జిప్పులు ఊడి వేలాడుతున్నాయి. "ఇవేసుకుని మునిగితే ఎవరిది పూచీ?" అని పడవలావిడని చివాట్లు పెట్టి, రవికెకి గుచ్చుకున్న సూది తీసింది. దారం ఎక్కలేదు. పడవలావిడే ఎడమచేత్తో ఎలాగో తంటాలు పడి ఎక్కించి ఇచ్చింది.

మధ్యాహ్నం అయింది. చాలాసేపటికి మళ్ళీ చూస్తే ఇంకా మధ్యాహ్నమే. రెండో డబ్బా అయిపోయింది.

"తెడ్డు పట్టుకుంటావా?" అని అడిగింది పడవలావిడ. "నా భుజం ఎలాగూ చెడింది, చూసి చెప్తాను."

పడవ నడిపేవాళ్ళు వెళ్ళే వైపు వీపు పెట్టి కూర్చోవాలని అత్తకి అప్పుడే తెలిసింది. ఎక్కినవాళ్ళు ఎదురుగా ఉంటారు, వెళ్ళే చోటు వెనకుంటుంది. మొదట పడవ గానుగెద్దులా గుండ్రంగా తిరిగింది. తర్వాత తర్వాత మాట వింది. చేతులకి బొబ్బలు లేచాయి. ఎదురుగా ఖాళీగా ఉన్న బల్లలు చూసినప్పుడు మాత్రం పెద్దవాడు ఇక్కడ కూర్చునేవాడు, చిన్నది ఇక్కడ చేయి నీళ్ళలో పెట్టేది అని అనుకునేది. అలాంటప్పుడు తెడ్లు ఒళ్ళో పెట్టుకుని అవతలి ఒడ్డుకేసి చూసేది.

మొదట అక్కడ ఒక నీలం మరక ఉంది. మూడో డబ్బా అయ్యేసరికి ఆ మరకలోంచి చెట్లు విడివడ్డాయి. ఆ తర్వాత చెట్ల మధ్య తీగ మీద ఎవరో ఆరేసిన చొక్కా కనిపించింది. అది ఎర్ర చొక్కా అని తెలిసింది. ఆ చొక్కా జేబు వంకరగా కుట్టారని కూడా తెలిసేసరికి అత్త పకపకా నవ్వేసింది. రేవుకి వచ్చి మిగిలిన జాకెట్టు అందుకుని, సూదిలో దారం తనే ఎక్కించుకుంది, ఒక్క ప్రయత్నంలో.

ఎండ ఎర్రబడుతుంటే పడవలావిడ అంది. "నాకిక తెడ్డు పట్టే రాత లేదు. జిప్పులు కుట్టే మనిషీ, పడవ నడిపే మనిషీ ఒక్కరే దొరికితే నా పని సుఖంగా ఉంటుంది. వస్తావా?"

"ఇంట్లో అడగాలమ్మా."

"అడుగు. ఇంట్లో అడిగే వయసే కదా నీది!"

అత్త రేవు మెట్లెక్కి వంటింటి గడప దాటేసరికి ఇంట్లో దీపాలు పెట్టారు. పిల్లలిద్దరూ పొద్దున వేసుకున్న బూట్లతో అలాగే కూర్చుని ఉన్నారు. మరదలి చేతిలో వెన్న ప్యాకెట్టు ఉంది.

"ఫ్రిజ్‌లో ఇది ఉండి, రోజు లేకపోయేసరికి పొద్దున్నే అర్థమైంది వదినా," అంది మరదలు. గొంతులో కోపం దాచుకోలేదు. "పిల్లలు పొద్దుటి నుంచీ మెతుకు ముట్టలేదు."

"పొరపాటైందమ్మా. కావాలని చేయలేదు." అత్త ఆగి, మళ్ళీ అంది. "కావాలని చేయలేదు గానీ, నాకు చాలా బాగుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?"

తమ్ముడు దగ్గరికొచ్చి అక్క చేతులు తిప్పి చూశాడు. అరచేతుల నిండా బొబ్బలు. ఎండకి ముక్కు మీద తోలు ఊడింది.

"మోకాళ్ళ నొప్పులన్నావు కదక్కా?"

"ఎప్పుడూ లేవురా."

తమ్ముడు తల దించుకున్నాడు. మరదలు వెన్న ప్యాకెట్టు లోపల పెట్టడానికన్నట్టు ఫ్రిజ్ తెరిచి, చాలాసేపు అటు తిరిగే ఉండిపోయింది. చిన్నది మాత్రం, "నీతో మాట్లాడను పో," అని లోపలికెళ్ళిపోయింది. అన్నంత పనీ చేసింది.

ప్యాకెట్టులో కట్టింది రోజునే గానీ సరస్సు నిజమైనదే, రెండు బస్సులు మారితే వస్తుంది. మొదట అత్త వారానికొకసారి వెళ్ళొచ్చింది. తర్వాత తమ్ముడే మిషనుని విప్పి, బస్సు మీద వేయించి, రేవు పక్క గదిలో బిగించి వచ్చాడు. ఇక సూపర్‌మార్కెట్‌కి సంచులు పట్టుకుని పిల్లలు వెళ్ళసాగారు. అగ్గిపెట్టె సంచి పెద్దవాడు తీసినప్పుడు మేనేజరు బోర్డు వైపు కూడా చూడలేదు, తల మాత్రం గోక్కున్నాడు.

ఏడాది తిరిగింది. వాళ్ళు నలుగురూ గుమ్మం దగ్గర నిలబడి సరస్సు రోజు విప్పారు. గడప అవతల రేవు మెట్ల మీద, ఆరెంజ్ జాకెట్టుకి మెడదాకా జిప్పు లాక్కుని అత్త నిలబడి ఉంది.

చిన్నది పరుగెత్తుకుంటూ వచ్చి సగంలో ఆగిపోయింది. వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "అత్తా, నువ్వు కూడా ఎక్కితే ఐదుగురం అయిపోతాం. చీకటి పడిపోతుంది."

ఏడాది పొడుగునా ఈ ఒక్క రోజు కోసం ఎదురుచూసిన అత్తకి ఈ మాట తట్టనే లేదు. "అవునే తల్లీ. నాకు మోకాళ్ళ..." అనబోయి, ఆ మాట పూర్తి చేయలేక ఆగిపోయింది.

మరదలు చేతిలోని వెండికాగితం సాపు చేసి, అడుగున ఉన్న చిన్న అక్షరాలు వేలు పెట్టి చదివింది. తర్వాత అచ్చం అత్త గొంతు పెట్టి అంది. "ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు అన్నారు గానీ, పడవ నడిపే మనిషి సంగతి ఎక్కడా అనలేదు కదమ్మా!"

పడవలావిడ తాడు విప్పేసింది. నలుగురూ ఎక్కారు. అత్త తెడ్లు అందుకుంది. పడవ రేవు వదిలాక కూడా అందరూ ఆకాశం వైపే చూస్తూ కూర్చున్నారు. సూర్యుడు ఎక్కడివాడు అక్కడే ఉన్నాడు, కదిలే తొందరేమీ లేనట్టు.

చిన్నది రొట్టెల డబ్బా తెరిచింది. అత్త వెనక ఎక్కడో అవతలి ఒడ్డు ఉంది, ఆవిడ దాని కోసం తల తిప్పలేదు. ఎదురుగా నలుగురూ ఉన్నారు, ఒక్కొక్కరి కనురెప్పలు కూడా ఆవిడకి విడివిడిగా కనిపిస్తున్నాయి.

"మూతికి వెన్న అంటింది, తుడుచుకోవే," అంది చిన్నదానితో.