ఘాటుకొచ్చిన దగ్గు కాదు

రోకలి పైకి లేచినప్పుడల్లా జోగులమ్మ కళ్లు మండుతున్నాయి. దొర ఉండే గడి వెనక వాకిట్లో ఊరి ఆడవాళ్లు నిన్నటినుంచీ మిరపకాయలు దంచుతున్నారు. దొరవారి ఊరగాయలకు కారం కావాలి. దంచేవాళ్ల కళ్లూ ముక్కులూ ఏమైపోతే ఎవరికి పట్టింది? వెట్టికి కూలి లేదు, సెలవు అంతకన్నా లేదు. ఒకరు దగ్గితే నలుగురు దగ్గుతున్నారు. పందిరి కింద ఉయ్యాలలో జోగులమ్మ చంటిబిడ్డ బాలి కూడా దగ్గుతోంది. గాలి అటే కొడుతోంది కదా, ఘాటుకే అన్నారందరూ. నిన్న ఇంట్లోనూ దగ్గిందని జోగులమ్మ చెబితే, నీ కొంగుకంటిన కారమేలే అని నవ్వారు. తనూ అదే నమ్మింది. నమ్మకపోతే చేతులాడవు మరి.

మధ్యాహ్నం జొన్న గట్క తాగడానికి లేచారు. రోకళ్లు ఆగాయి. కారం గాలి సర్దుకుంది. ముక్కులు చీదుకుని, మొహాలు కడుక్కుని నీడకు చేరేసరికి ఆడవాళ్ల దగ్గులన్నీ ఆగిపోయాయి. బాలి దగ్గు ఆగలేదు.

జోగులమ్మ గట్క ముంత వదిలేసి బిడ్డనెత్తుకుంది. పాలివ్వబోతే మొహం తిప్పుకుంది. పొత్తిగుడ్డ తీసి చూసింది. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటలు పడుతున్నాయి. పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

అయ్యో, ఈ ఊపిరి ఆమెకు తెలుసు. తొలిచూలు కొడుకూ ఇట్లాగే పక్కలెగరేశాడు. అత్త ఈరమ్మ వాతలు పెట్టించింది. అవి పుండ్లయ్యాక వనపర్తి దవాఖానకు మోసుకుపోతే, డాక్టరు తల పట్టుకున్నాడు. దగ్గు అందరికీ వస్తుంది, పోతుంది. పాలు మానేసి, ఊపిరికి పక్కలు లోపలికి గుంజుతుంటే ఒక్క పూట ఆగొద్దు, వాతతో లోపలి రోగం పోదు అన్నాడు. ఆ మాటలు విన్నంతసేపూ ఆమె ఒళ్లో ఉన్నది శవమే.

తలెత్తేసరికి ఎదురుగా అత్త, ఆమెదీ ఆ గడిలోనే వెట్టి. ఊరగాయకు నూనె కాగుతున్న పొయ్యిలోనుంచి తీసిన ఇనుప చువ్వ చేతిలో ఎర్రగా ఉంది. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎట్లా అని ఆమె ఎప్పుడూ అనేది. వాతకైనా, వెట్టికైనా ఆమెకదే మాట.

"అత్తా, వాడు యాదికి లేడా?" అంది జోగులమ్మ. బిడ్డ పక్కల మీది గుడ్డ తొలగించి చూపించింది.

ఈరమ్మ చూసింది. చువ్వను బిడ్డకు దూరంగా జరిపింది.

ఇంతలో గడి పెత్తందారు శంకరయ్య వచ్చాడు. రోళ్ల దగ్గర ఎవరూ లేరేమని కేకలేశాడు. జోగులమ్మ బిడ్డను నడుముకు కట్టుకోవడం చూసి అడ్డం నిలబడ్డాడు.

"ఏడికే? మిరపకాయల గాటుకు ఎవరు దగ్గుతలేరు? దంచుడైనంక పో."

"గాటుకు దగ్గినోళ్లకు ఆగింది అయ్యా. నా బిడ్డకు ఆగలే. నేనిగ దంచ. వనపర్తి దవాఖానకు పోత."

గడిలో ఆ మాట ఇంతకుముందు ఎవరూ అనలేదు. శంకరయ్య పొలాల వైపు చెయ్యి చూపించాడు. పోతే పో, రేపటినుంచి దొర కౌలుకిచ్చిన చెల్కలో మీవాళ్లెవరూ అడుగు పెట్టొద్దన్నాడు. మొగుడు మల్లేశం దొర బండ్ల వెంట వెట్టికి పోయి ఉన్నాడు. తిరిగొచ్చేసరికి దున్నడానికి చెల్క ఉండదు.

జోగులమ్మ కాళ్లు ఒక్క క్షణం ఆగాయి.

అప్పుడు వెనక సుయ్యిమంది. ఈరమ్మ చువ్వను కుడితి తొట్టిలో ముంచేసింది.

"పోవే బిడ్డా. జల్ది పో. చెల్క సంగతి నేను జూస్త" అంది శంకరయ్య వైపు తిరిగి నిలబడి.

జోగులమ్మ పరుగులాంటి నడకతో ఊరు దాటింది. ఎండ నెత్తిన పొడుస్తోంది. నిన్నటినుంచీ ఈ దగ్గు ఆగితే చాలని మొక్కుకుంది. ఇప్పుడు బాలి దగ్గినంతసేపూ నడుస్తోంది. దగ్గు ఆగితే నిలబడి, చిన్న రొమ్ము మీద చెయ్యి వేసి, ఊపిరి తగిలాకే మళ్లీ అడుగేస్తోంది.