శనివారం డాక్టరు

“నీకేం తల్లీ, పెట్టిపుట్టావు. ఇలాంటి చేతులున్న మొగుడు ఏడురోజులూ ఇంట్లోనే ఉంటాడు. మాకేమో వారానికొక్క పూట!”

బోంగ్నే అవ్వ ఈ మాట అనని శనివారం లేదు. సూపు గిన్నె అందుకునేటప్పుడు ఒకసారి, ఖాళీ గిన్నె తిరిగిచ్చేటప్పుడు ఇంకోసారి. ఓక్‌సన్ ప్రతిసారీ నవ్వుతుంది. నవ్వకపోతే ఆవిడ ఊరుకోదు. “పెరటి చెట్టు మందుకు రాదంటారు, అట్లాగే ఉంది నీ సంగతి. నీ మొగుడి విలువ నీకు తెలీడంలా” అని పక్క బెంచీ వాళ్ళని కూడా సాక్ష్యానికి పిలుస్తుంది. వాళ్ళందరూ బోసినోళ్ళతో తలలూపుతారు. అందుకని నవ్వి, ఇంకో గరిటెడు సూపు ఎక్కువ పోసి, ఆవిడ నోరు మూయిస్తుంది.

బూసాన్ ఓడరేవు వెనక కొండ మీద, మెట్లే వీధులైన ఆ పేటలో, చర్చి కింది హాల్లో శనివారం శనివారం ఉచిత వైద్యం జరుగుతుంది. మొదలుపెట్టింది ఓక్‌సన్ భర్త డాక్టర్ ప్యో. పద్నాలుగేళ్ళయింది. అట్టపెట్టెలు ఏరుకుని అమ్ముకునే ముసలమ్మలు, రేవులో నడుములు విరగ్గొట్టుకున్న ముసలాళ్ళు, పిల్లలు వదిలేసినవాళ్ళు, పిల్లలు లేనివాళ్ళు, అందరూ మధ్యాహ్నానికల్లా మెట్లు దిగి వచ్చేస్తారు. డాక్టరు చూస్తాడు, మందులిస్తాడు, వాళ్ళతో కలిసి ప్రార్థన చేస్తాడు. ఆ తర్వాత అందరికీ వేడి వేడి ముల్లంగాకు సూపు, అన్నం. వైద్యం డాక్టర్ ప్యోది. ప్రార్థన పాస్టరుగారిది. సూపు మాత్రం ఎవరిదని ఎవరూ అడగలేదు. అది దానంతటదే ఉడికినట్టు, నూట ఇరవై గిన్నెల్లోకి దానంతటదే దూకినట్టు అనుకుంటారు కాబోలు.

ఆవిణ్ణి అక్కడ అందరూ ‘సమొనిమ్’ అంటారు. పెద్దమనిషిగారి భార్యని అలా పిలవడం మర్యాద. మర్యాదే, కాదనలేం. కాకపోతే ఆ మర్యాద కింద ఓక్‌సన్ అనే మనిషి ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇంట్లో ఆయన ఆ మర్యాద కూడా వాడడు. “ఇదిగో” అంటాడు, అంతే.

వంటగదికీ హాలుకీ మధ్య గిన్నెలు అందించే కిటికీ ఒకటుంది. అందులోంచి చూస్తే ఆకుపచ్చ తెర సందులోంచి డాక్టరు కుర్చీ కనిపిస్తుంది. ఈ శనివారం కూడా కనిపించింది. బోంగ్నే అవ్వ ఎడమ కాలు ఆయన ఒళ్ళో ఉంది. చక్కెర జబ్బు కాలు, మడమ చెరువు ఎండినట్టు పగిలి ఉంది. ఆయన తల వంచి, ఒక్కొక్క గోరూ జాగ్రత్తగా కత్తిరిస్తున్నాడు. మధ్యలో ఆపి, “నొప్పా అవ్వా? చెప్పాలి మరి, ఓర్చుకోకూడదు” అంటున్నాడు. ఎంత మెత్తని గొంతు! ఆ గొంతు విని ఓక్‌సన్ చేతిలో గరిటె ఆగిపోయింది. ఒంట్లో ఎక్కడో పొయ్యి అంటుకున్నట్టయింది.

అసూయ. దాని పేరు అదే, ఇంకోటి కాదు. ఏ అందమైన నర్సు మీదో అయితే దానికీ ఒక మర్యాద ఉండేది. చెల్లెలికి ఫోన్ చేసి ఏడవొచ్చు, చర్చిలో స్నేహితురాళ్ళు నలుగురూ చేరి ఆయన్ని తిట్టి ఓదారుస్తారు. ఎనభయ్యొక్కేళ్ళ ముసలిదాని పగిలిన మడమ మీద అసూయ అంటే ఎవరితో చెప్పుకుంటుంది? తిండికి లేనివాళ్ళ మీద, మందుకు లేనివాళ్ళ మీద ఏడ్చే ఆడది ఎక్కడైనా ఉంటుందా? తెల్లవారుజాము ప్రార్థనలో కూర్చుని దేవుడికే చెప్పుకుంది ఒకసారి, “తండ్రీ, ఈ ముసలమ్మల మీద కుళ్ళు నాలోంచి తీసెయ్యి” అని. తీసేశాడనే అనుకుంది. మధ్యాహ్నం హాల్లోకి వచ్చి, ఎవరిదో మోకాలు ఆయన రెండు అరచేతుల మధ్య ఉండటం చూసేసరికి మళ్ళీ మొదటికొచ్చింది. ఆ మోకాలు తనదైతే బావుండునని అనిపించింది. కాసేపైనా సరే, జబ్బుదైనా సరే.

ఆ చేతుల సంగతి ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళ కిందట ఆవిడ సర్జికల్ వార్డులో నర్సు, ఆయన కొత్తగా చేరిన కుర్ర డాక్టరు. పేషెంటు పొట్ట మీద చెయ్యి పెడితే పేషెంటు ఎగిరిపడేవాడు. “డాక్టరుగారూ, మీ చేతులు మంచుగడ్డలు. ముందు రుద్దుకుని అప్పుడు ముట్టుకోండి” అంది ఓక్‌సన్. ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. ఆ రోజు నుంచీ రెండు చేతులూ రుద్దుకుని, వెచ్చబడ్డాకే ఎవర్నయినా ముట్టుకుంటాడు. కొండపేట అంతా ఆ చేతుల గురించి కథలుగా చెప్పుకుంటుంది. మొన్న వసంతంలో చర్చిలో సాక్ష్యం చెప్తూ ఆయన అన్నాడు కదా, “మనిషిని ఎలా ముట్టుకోవాలో నాకు ఈ పేదలే నేర్పారు” అని. జనం కళ్ళు తుడుచుకున్నారు. అందరూ తనవంక చూస్తున్నారని ఓక్‌సన్ కూడా తుడుచుకుంది.

పెళ్ళయ్యాక ఉద్యోగం మానేసింది. మానేసింది అనడం కంటే మానిపించారు అనడం సబబు. “ఒక ఇంటికి ఒక పిలుపు చాలు కోడలా. వాణ్ణి దేవుడు పిలిచాడు. నీ పిలుపు వాడి వెనకాల నడవటం” అంది అత్తగారు. ఈ క్లినిక్ పెట్టినప్పుడు ఓక్‌సన్ పెట్టె అడుగున ఉన్న నర్సు సర్టిఫికెట్ బయటికి తీసి, దులిపి, బల్ల మీద పెట్టింది. ఆయన దాని మీదే కాఫీ కప్పు పెట్టుకుని అన్నాడు, “నర్సులు బోలెడంతమంది వస్తామంటున్నారు. వంటకే మనిషి దొరకడంలేదు.”

ఇక భుజం. పోయిన చలికాలం మొదట్లో పేటలో ఒంటరి ముసలివాళ్ళకి చర్చి తరఫున కిమ్చి, అంటే క్యాబేజీ ఊరగాయ, పెట్టి పంచారు. మూడు వందల క్యాబేజీలు. ఉప్పునీళ్ళలో ముంచడం, కడగడం, పిండడం, ఆకు ఆకుకీ కారం పట్టించడం, మూడు రోజుల పని. మూడో రోజు కుడి భుజంలో ఏదో పట్టుకుంది. అప్పట్నుంచి చెయ్యి తల పైకి లేవదు. జుట్టు ముడి వేసుకోవాలన్నా గోడకి ఆనుకుని ఎడమ చేత్తోనే తంటాలు పడుతుంది. ఆయనతో చెప్పింది. ఫోన్‌లోంచి తలెత్తకుండా, “ఆ వయసుకి అందరికీ వచ్చేదే. నొప్పి పట్టీ వేసుకో, రెండో సొరుగులో ఉంది” అన్నాడు. ఇంకో నెలకి మళ్ళీ చెప్పింది. “పట్టీ వేసుకోలేదా?” అన్నాడు. మూడోసారి చెప్పలేదు. పోయిన ఆదివారం చర్చిలో లేచి నిలబడి ప్రకటించాడు, “పోయినేడు మూడు వందలు చేశాం, ఈసారి నాలుగు వందల క్యాబేజీలు చేద్దాం!” చప్పట్లు మోగాయి. ఓక్‌సన్ ఎడమ చేత్తో తొడ మీద కొట్టుకుంది, చప్పట్లలో కలిసిపోతుందని.

ఈ శనివారం పెద్ద గుండిగ పొయ్యి మీంచి దింపుతుంటే భుజంలో కత్తి దిగినట్టయింది. గుండిగని ఎలాగో బల్ల మీదకి చేర్చి, కళ్ళు తిరుగుతుంటే హాల్లోకి వచ్చి, కనబడిన మొదటి బెంచీ చివర కూలబడింది. పేషెంట్ల బెంచీ అది. ఒంటి మీద కొండపేట ముసలమ్మలందరూ వేసుకునే పూల దూది చొక్కా, కాళ్ళకి రబ్బరు బూట్లు, తలకి గుడ్డ, చేతులకి కారం ఎరుపు. ఎవరు చూసినా ఏమనుకుంటారు?

యేరిన్ అదే అనుకుంది. నర్సింగ్ చదివే పిల్ల, ఆ రోజే మొదటిసారి సాయానికి వచ్చింది. పసుపు కార్డుల కట్ట పట్టుకుని చకచకా వచ్చి, “అమ్మా, మీకు కార్డు రాయలేదా? అయ్యో, ఎంతసేపట్నుంచి కూర్చున్నారు?” అంటూ ఎదురుగా నేల మీద గొంతుక్కూర్చుంది.

“నేను...” అంటూ ఓక్‌సన్ చెప్పబోయింది, సమొనిమ్‌ని అని. ఈలోగా ఆ పిల్ల ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, మొహంలోకి చూస్తూ అడిగింది.

“ఎక్కడమ్మా నొప్పి?”

అంతే. పదకొండు నెలల్లో ఎవరూ అడగని మాట. ఓక్‌సన్ ఎడమ చెయ్యి కుడి భుజం మీదికి వెళ్ళింది. “భుజం” అంది.

“ఎన్నాళ్ళబట్టి? రాత్రిళ్ళు నిద్ర పడుతుందా? పైకి లేపితే ఎంతవరకు లేస్తుంది? పేరేంటమ్మా?” ఆ పిల్ల అడిగిందల్లా రాసుకుంటోంది. ఒక్క మాట కూడా వదలడం లేదు. ‘హామ్ ఓక్‌సన్’ అని తన పేరు ఆ పసుపు కార్డు మీద గుండ్రంగా పడుతుంటే ఓక్‌సన్ ఎవరి పేరో చూసినట్టు చూసింది.

గోళ్ళు తీయించుకుని, ఇక కట్టు మార్పించుకోవడానికి మళ్ళీ వంతు కోసం పక్కనే కూర్చున్న బోంగ్నే అవ్వ ఇదంతా వింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. “ఓసి పిచ్చిపిల్లా, ఈవిడ ఎవరనుకున్నావ్!” అని ఇప్పుడో ఇంకాసేపట్లోనో అరుస్తుందని ఓక్‌సన్ బిక్కచచ్చిపోయింది. అవ్వ అరవలేదు. కారం ఎరుపెక్కిన చేతుల్నీ, వేలాడుతున్న కుడి భుజాన్నీ కాసేపు చూసింది. తర్వాత యేరిన్ చొక్కా అంచు పట్టుకు లాగి, “నాకంటే ముందు ఈమెని పంపించు. నాది పాత రోగమే” అంది. ఈవిడ మీదనా నేను ఇన్నాళ్ళూ కుళ్ళుకుంది అనుకుంది ఓక్‌సన్. అయినా అసూయ పోలేదు, అబద్ధమెందుకు. ఆ కాలు ఆయన ఒళ్ళో ఉన్న దృశ్యం ఇంకా కళ్ళలో మండుతూనే ఉంది.

“హామ్ ఓక్‌సన్‌గారూ!”

హాలంతా వినబడేట్టు పిలిచింది యేరిన్. ఓక్‌సన్ లేచింది.

తెర లోపల డాక్టర్ ప్యో తల వంచుకుని ముందు పేషెంటు మందులు రాస్తున్నాడు. ఆ తల ఎత్తకుండానే కొత్త కార్డు అందుకుని, అలవాటు ప్రకారం చేతులు రుద్దుకున్నాడు. “కూర్చోండమ్మా, కూర్చోండి.” చెయ్యి చాచి ఆవిడ కుడి చేతిని అందుకున్నాడు, రెండు అరచేతుల మధ్య పెట్టుకున్నాడు. వెచ్చగా ఉన్నాయి. ఎంత వెచ్చగా! 

“హామ్ ఓక్‌సన్‌గారు...” కార్డు చదువుతున్నాడు. పేరు పైకే చదివాడు. చదివి ముందుకెళ్ళిపోయాడు. ఆ పేరు ఆయనకి ఎక్కడా తగల్లేదు. “పదకొండు నెలలా! ఇన్నాళ్ళు ఎలా భరించారమ్మా? నిద్ర కూడా పట్టడంలేదా, అయ్యయ్యో. చెప్పకుండా ఓర్చుకుంటారు, మీ ఆడవాళ్ళతో ఇదే కష్టం. ఈ చేత్తో బరువులు ఎత్తకూడదు. అసలే కిమ్చి రోజులు, ఆ పని మాత్రం మీరు చెయ్యొద్దు. ఇంట్లో ఇంకెవరికైనా అప్పగించండి.”

ఓక్‌సన్ తన చేతి చుట్టూ ఉన్న ఆ రెండు చేతుల్ని చూస్తూ కూర్చుంది. కొండపేటలో ప్రతి ఆడదానికీ అందిన చెయ్యి, అందిన గొంతు, ఇవాళ తనకీ అందాయి. తానెవరో తెలియకపోబట్టి అందాయి.

జవాబు రాకపోయేసరికి ఆయన తలెత్తాడు.

“నువ్వా?” గొంతు ఠక్కున ఇంటి గొంతయిపోయింది. చేతులు వెనక్కి తీసుకున్నాడు. “ఇదేం వేషం? సూపు వడ్డించేశారా?”

“లేదు.”

“మరిక్కడేం చేస్తున్నావ్? బయట ఇంకా యాభై మంది ఉన్నారు. పాపం వాళ్ళు ఎంత దూరం నుంచి నడిచొచ్చారో. లే, లే. ఇంటికెళ్ళాక చూస్తాలే.”

“ఇంట్లో డాక్టరెవరూ లేరండీ” అంది ఓక్‌సన్.

గట్టిగా అనలేదు. అయినా తెర అవతల బెంచీ మీద గుసగుసలు ఆగిపోయాయి. ఎవరో వంటగదిలోంచి “సమొనిమ్! గరిటె ఎక్కడ పెట్టారు? సమొనిమ్!” అని అరుస్తున్నారు. ఆయన ఆ అరుపు వైపు, ఆవిడ వైపు మార్చి మార్చి చూశాడు. మొహం ఎర్రబడింది, ముప్పై ఏళ్ళ కిందట వార్డులో ఎర్రబడ్డట్టు కాదు.

“నలుగురిలో ఇదేం పని? అవ్వ ఆ కాలు పెట్టుకుని కూర్చుని ఉంది బయట, తెలుసా?”

“నాకేం తొందర్లేదు డాక్టరుగారూ!” బయట్నుంచి బోంగ్నే అవ్వ కేకేసింది. “ఆమెని నిదానంగా చూడండి!”

ఓక్‌సన్ లేవలేదు. కుర్చీని ఇంకాస్త ముందుకి జరుపుకుంది. బల్ల మీద పక్కకి పడేసిన పసుపు కార్డుని ఎడమ చేత్తో తీసి, ఆయన ముందు పెట్టి, పెన్ను దాని పక్కన పెట్టింది.

“ఇన్నాళ్ళు ఎలా భరించారని అడిగారు కదా” అంది. “చెప్తాను. రాసుకోండి.”