బంతి ఎత్తిందెవరు

బైండింగ్ షాపులో ఆమెను అందరూ జానెడు అనేవారు. ఆ ఇంటికి కోడలిగా వచ్చిన ఆర్నెల్లకు షాపులో పనికి చేరింది, చేరిన వారానికే ఆ పేరు అతుక్కుపోయింది. ఆమె కోప్పడలేదు. పొడుగ్గా ఉన్నవాళ్లయితే పై అరల్లోంచి కాగితం కట్టలు దించాలి, తనకా బాధ తప్పిందని నవ్వేసేది. ఆ పేరు వింటే ఒళ్లు మండేది ఒక్క చోటే, వాలీబాల్ కోర్టు దగ్గర.

కోర్టంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. షాపు వెనక, కత్తిరించిన కాగితం ముక్కలు మూటలు కట్టి పడేసే జాగా. దాన్ని బాగు చేయించి, రెండు ఇనప గొట్టాలు పాతించి, నెట్టు కట్టించింది ఆమె మామగారే. బతుకంతా ఆ షాపులోనే కటింగ్ మెషిన్ మీద పనిచేసి రిటైరైన మనిషి. ఇంట్లో కూర్చుంటే తోచక, రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకు వచ్చి ఆడవాళ్ల జట్టుకు ఆట నేర్పేవాడు. జీతం లేదు, భత్యం లేదు. నోరు మాత్రం ఉంది.

ఆ నోరు తెరిస్తే మొదట వచ్చేది వాలీబాల్ పుట్టుక.

"నూట ముప్పయ్యేళ్ల కిందటి మాట. అమెరికాలో ఓ వ్యాయామం మాస్టారు. బాస్కెట్‌బాల్ అప్పటికే వచ్చేసింది, కుర్రాళ్లు ఇరగదీస్తున్నారు. ఈయన దగ్గరికొచ్చేవాళ్లేమో కూర్చుని కూర్చుని పొట్టలు పెంచుకున్న వ్యాపారస్తులు. ఆ తోపులాట వాళ్ల వల్ల ఎక్కడవుతుంది? అందుకని టెన్నిస్ నెట్టు ఒకటి తెచ్చి మనిషి తలకంటే కాస్త పైకి కట్టాడు. ఎవర్నీ ఎవరూ గుద్దుకోనక్కర్లేదు. బంతి నేల తాకకుండా అవతలికి పంపాలి, అంతే ఆట! దానిక్కూడా ఎన్ని తిప్పలనుకున్నారు? బాస్కెట్‌బాల్ లోపలి బ్లాడర్ తీసి ఆడితే గాల్లో తేలిపోయింది. అసలు బంతితోనే ఆడదామంటే బరువు. చివరికి కొత్త బంతి చేయించాడు. ఇంతమందే ఆడాలి, ఇన్నిసార్లే తాకాలి అనే లెక్కలన్నీ తర్వాతొచ్చినవి."

పుట్టుక అయ్యాక ఆయన తన కాలానికి వచ్చేవాడు. అప్పట్లో వాళ్లు జట్టుకు తొమ్మిది మందితో ఆడేవారు. ఎవడి చోటు వాడిదే, మొదట ఎక్కడ నిలబడితే ఆట అయ్యేదాకా అక్కడే. ఫ్యాక్టరీల పోటీ ఫైనల్లో, చివరి పాయింటు దగ్గర, బంతి గాల్లోకి లేచింది. ఆయనా లేచాడు. ఒక్కటిచ్చాడు. అవతలివాళ్లు చూస్తుండగానే బంతి నేలను తాకి గోడ దాటిపోయింది. ఈ కథ షాపులో వినని మనిషి లేడు. చెప్పిన ప్రతిసారీ ఆ గోడ కాస్త ఎత్తు పెరుగుతూ ఉండేది.

ఒక రోజు జానెడు ఉండబట్టలేక అడిగింది. "ఆ బంతి ఎత్తిందెవరు మావయ్యా?"

"ఎవరో ఎత్తార్లే అమ్మాయ్. కొట్టిందెవరో అది అడుగు."

అందరూ ఘొల్లుమన్నారు. ఆమె కూడా నవ్వింది గానీ ఆ మాట మనసులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే ఆమె నేర్చుకున్నది సరిగ్గా ఆ పనే. వాలీబాల్లో ఒక జట్టు మూడుసార్లకు మించి బంతిని తాకకూడదు. మొదటి మనిషి ముంజేతుల మీద తీసుకుని లోపలికి పంపుతుంది. రెండో మనిషి వేళ్లతో నెట్టు పక్కన పైకి ఎత్తిపెడుతుంది. మూడో మనిషి ఎగిరి కొడుతుంది. చప్పట్లన్నీ మూడో మనిషికే. ఆ రెండో మనిషి పని మీద జానెడుకు పిచ్చి. రోజంతా కాగితాలు మడిచే చేతులవి. పది వేళ్లూ ఒక్కలా ఆనాలి, ఒక వేలు ఎక్కువ నొక్కినా మడత వంకర పోతుంది. బంతీ అంతే. పని దిగాక గోడకు కొట్టి కొట్టి, సున్నం మీద ఒకే చోట మచ్చ పడేదాకా సాధన చేసింది.

అయినా మామగారు ఆమెను ఒక్క మ్యాచ్‌లోనూ దింపలేదు. "నెట్టు ముందుకొచ్చినప్పుడు నీ మీంచి కొట్టేస్తారమ్మాయ్" అనేవాడు. స్టోర్స్‌లో రాసుకునే పొడుగాటి క్లర్కుకు ఆ పని అప్పజెప్పాడు. కొట్టేది ఆయన సొంత కూతురు, జానెడుకు ఆడపడుచు. కుట్టు మెషిన్ మీద పనిచేసే ఆ పిల్లను షాపులో నిచ్చెన అనేవారు. ఒకే ఇంట్లోంచి నిచ్చెన కోర్టులోకీ, జానెడు బెంచీ మీదికీ వెళ్లేవారు. నోరు విప్పి ఎవరితోనూ అనలేదు గానీ, ఒక్కసారి ఆ గీతల మధ్య నిలబడి, తనూ ఆటగత్తెనేనని ఆయన చేత అనిపించుకోవాలని ఆమెకు ప్రాణం కొట్టుకునేది.

ఆ ఏడు ఫ్యాక్టరీల పోటీలో మొదటి మ్యాచే పాల ఫ్యాక్టరీతో పడింది. ఓడితే ఇంటికే. బైండింగ్ షాపు ఆడవాళ్లు అప్పటిదాకా ఒక్క మ్యాచ్ గెలిచిన పాపాన పోలేదు.

మొదటి సెట్లో పాల ఫ్యాక్టరీ వాళ్లు పెద్దగా కష్టపడనే లేదు. బైండింగ్ షాపు వాళ్లే పాయింట్లు పళ్లెంలో పెట్టి ఇచ్చారు. సర్వీసు అవతలివాళ్ల నుంచి మనకొచ్చినప్పుడల్లా ఆరుగురూ గడియారం ముల్లు తిరిగే వైపు ఒక్కో చోటు జరగాలి. అదే రొటేషన్. వీళ్లు జరిగారు, కానీ నలుగురు ఒకవైపు, ఇద్దరు ఇంకోవైపు. జిగురు పూసే పిన్ని వెళ్లి నిచ్చెన భుజానికి గుద్దుకుంది. సర్వీసు కొట్టగానే రిఫరీ విజిల్ వేశాడు. పాయింటు పోయింది, సర్వీసూ పోయింది. మళ్లీ అదే, మళ్లీ విజిల్. చూడ్డానికి వచ్చినవాళ్లు పొట్టలు పట్టుకు నవ్వుతున్నారు. బెంచీ మీద జానెడుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సెట్టు పోయాక మామగారు విరుచుకుపడ్డాడు. "గడియారం ముల్లులా తిరగండని ఎన్నిసార్లు చెప్పాను? తలకెక్కదా?"

"తలకెక్కింది బాబాయ్, కాళ్లకే ఎక్కట్లేదు" అంది జిగురు పిన్ని రొప్పుతూ.

జానెడు బెంచీ మీంచి లేచింది. "మావయ్యా, వాళ్లననకండి. మనం ఫారాలు పేర్చే బల్ల గుర్తు తెచ్చుకోండి."

అందరూ ఆమె వైపు తిరిగారు. షాపులో గుండ్రటి బల్ల ఒకటుంది. మడిచిన కాగితాల దొంతరలు, అవే ఫారాలు, వరసగా దాని చుట్టూ పెట్టి ఉంటాయి. ఒకటో ఫారం, రెండో ఫారం, మూడో ఫారం అని ఒక్కొక్కటి ఏరుకుంటూ బల్ల చుట్టూ నడిస్తే పుస్తకం తయారవుతుంది. బల్ల ఎప్పుడూ ఎడమచేతి వైపే ఉంటుంది. ఆ నడక వాళ్లకు ఏళ్లనాటిది.

"మీరు కోర్టులో సుద్దతో ఒకటి, రెండు, మూడు అని చోట్లకు నంబర్లు రాశారుగా. ఆ నంబర్లు అచ్చం మన బల్ల మీద ఫారాల్లాగే తిరుగుతాయి. ఒకటో చోట నిలబడ్డ మనిషి కాళ్లు వాటంతటవే రెండులోకి పోతున్నాయి. ఆటేమో ఆరులోకి పొమ్మంటుంది. పైగా మీరు రోజూ మాతో సర్వీసులు, స్మాష్‌లే కొట్టించారు. చోట్లు మారడం ఎప్పుడు చేయించారు చెప్పండి?"

తొమ్మిది మంది ఆటలో పెరిగిన మామగారికి చోట్లు మారడం పెద్ద విషయంగా ఎన్నడూ తోచలేదు. ఆ సంగతి అప్పుడే ఆయనకు తట్టినట్టుంది, చెవి గోక్కున్నాడు.

"మరిప్పుడేం చేద్దామంటావే?" అంది జిగురు పిన్ని.

"ఒక ఫారం తారుమారైతే ఏం చేస్తాం పిన్నీ? పేర్చిందంతా పట్టుకుని వెనక్కి నడుస్తూ ఎక్కడివక్కడ పెట్టేస్తాం. ఆరు, అయిదు, నాలుగు... ఇవాళ మనం పుస్తకం పేర్చట్లేదు. వెనక్కి పెడుతున్నాం. అంతే."

పిన్ని మొహం విప్పారింది. "ఓస్, ఇంతేనా! ఆ పని చెయ్యని రోజుందా మనకి?"

అప్పుడు నిచ్చెన తండ్రి ముందుకు వచ్చి నిలబడింది. "నాన్నా, వదినని దింపు. క్లర్కమ్మ ఎత్తే బంతులు ఒకటి నెట్టులోకి, ఒకటి ఆకాశంలోకి. నేనెక్కడని ఎగరను?"

క్లర్కమ్మ కూడా నొచ్చుకోలేదు. నిజానికి బతికిపోయానన్నట్టు చూసింది.

"నెట్టు ఎంతెత్తో చూశావా?" అన్నాడాయన కోడలితో.

"చూశాను మావయ్యా. అంత ఎత్తుకి వెళ్లాల్సింది బంతి, నేను కాదు. మీరు రోజూ చెప్పే ఆ పొట్టల పెద్దమనుషులు నాకంటే పైకి ఎగిరారా ఏంటి?"

జట్టంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మామగారు ఒక్క క్షణం గుడ్లురిమి, "వెళ్లు, వెళ్లు. మాటలకేం తక్కువ లేదు" అన్నాడు. బెంచీకీ గీతకీ మధ్య ఉన్న నాలుగడుగులూ ఆమె పరుగున దాటింది.

రెండో సెట్లో సర్వీసు మొదటిసారి చేతికి రాగానే ఆమె గట్టిగా అరిచింది. "వెనక్కి పెట్టండి!"

ఆరుగురూ గుండ్రటి బల్ల చుట్టూ ఉన్నట్టే జరిగారు. ఎవరూ ఎవర్నీ గుద్దుకోలేదు, విజిల్ మోగలేదు. రిఫరీ ఇంకోసారి తేరిపార చూశాడు. అక్కణ్ణుంచి బంతి తన చేతికి వచ్చిన ప్రతిసారీ జానెడు దాన్ని నెట్టు పక్కన, ఆడపడుచు చెయ్యి చాచే చోట పెట్టింది. గోడ మీది మచ్చకు కొట్టినంత కచ్చితంగా పెట్టింది. నిచ్చెన ఎగిరింది, కొట్టింది, ఎగిరింది, కొట్టింది. పాల ఫ్యాక్టరీ వాళ్ల నవ్వులు ఆగిపోయాయి.

అంతా సాఫీగా సాగిందని కాదు. తను ముందు వరసకు వచ్చినప్పుడల్లా అవతలివాళ్లు మామగారు చెప్పినట్టే ఆమె మీంచి కొట్టారు, వరసగా పాయింట్లు పోయాయి. ఆమె పళ్లు బిగబట్టింది. ఈ ఆటలో ఎవరూ ఒకే చోట పాతుకుపోరు. పొడుగువాళ్లు వెనక్కి పోవాల్సిందే, పొట్టివాళ్లు నెట్టు ముందు నిలబడాల్సిందే, అందరూ అన్ని చోట్లా నిలిచి బయటపడాల్సిందే. అందుకే ఆమెకు ఆ ఆటంటే అంత ఇష్టం. రెండో సెట్టు వీళ్లదయింది. మూడోది నువ్వా నేనా అన్నట్టు నడిచింది.

చివరికి ఒక్క పాయింటు కొడితే గెలుపు. అవతలివాళ్ల సర్వీసు రాయిలా వచ్చి జిగురు పిన్ని చేతులకు తగిలి పక్కకు ఎగిరింది. కోర్టు దాటి, గీత దాటి, సరిగ్గా మామగారు నిలబడ్డ బెంచీ మీదికి పోతోంది. "పోయింది!" అని ఎవరో కేక వేశారు. జానెడు పరిగెత్తింది. మామగారి చెప్పుల ముందు మోకాళ్లు వంచి, నెట్టుకు వీపు పెట్టి, కిందికి దిగిపోతున్న బంతి కిందికి వేళ్లు పెట్టింది. చూడకుండానే వెనక్కి ఎత్తింది. అంత దగ్గర్నుంచి ఆ వేళ్లను చూసినవాడు ఆ మైదానంలో ఒక్క మామగారే.

బంతి అంత దూరమూ వెళ్లి నెట్టు పక్కన, నిచ్చెనకు చేతికందేలా దిగింది. ఆ తర్వాతి చప్పుడు మైదానమంతా విన్నది.

అందరూ నిచ్చెన మీద పడ్డారు. ఎత్తుకున్నారు, తిప్పారు, వీపు మీద చరిచారు. నిచ్చెన మాత్రం అందర్నీ తోసుకుని వచ్చి వదినను గట్టిగా పట్టుకుంది. జానెడుకు కళ్లు మసకబారాయి. ఆడపడుచు భుజం మీంచి మామగారి వైపు చూసింది. పాల ఫ్యాక్టరీ కోచ్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతూ, "మీ అమ్మాయి దెబ్బ అదుర్స్ అండీ!" అంటున్నాడు. మామగారు తలూపాడంతే. దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. ఇంట్లో అన్నం తింటున్నప్పుడూ మాట్లాడలేదు. గెలిచిన ఆనందంలోనే ఆమెకు ఎక్కడో చివుక్కుమంది. పోనీలే, ఆడనిచ్చాడు, అదే పదివేలు అని సర్దిచెప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచే వేళకు ఆయన షాపుకు వచ్చాడు. మ్యాచ్ చూడనివాళ్లు, మెషిన్ల మగవాళ్లతో సహా, చుట్టూ మూగారు. "చివరి పాయింటు చెప్పు బాబాయ్" అన్నారు. వ్యాయామం మాస్టారి కథ లేదు, తొమ్మిది మంది కథ లేదు. గొంతు సవరించుకుని నేరుగా దిగిపోయాడు.

"సర్వీసు రాయిలా వచ్చింది. పిన్ని చేతులకు తగిలి బయటికి పోయింది. పోయిందనే అనుకున్నారందరూ. నేనూ అనుకున్నాను. అప్పుడు మా కోడలు పరిగెత్తుకొచ్చిందయ్యా. నా కాళ్ల దగ్గరికి! నేలకి ఇంకో బెత్తెడుంది. నెట్టు వైపు వీపు. ఇట్లా పది వేళ్లూ పెట్టింది, ఒక్క వేలు ఎక్కువ ఆనలేదు, చప్పుడు లేదు. ఎత్తింది. ఈ చివర్నుంచి ఆ చివరికి, కొలిచి పెట్టినట్టు. నా ఆయుష్షులో అట్లా బంతి ఎత్తిన మనిషిని చూళ్లేదు."

అక్కడితో ఆపేసి మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"తర్వాత? కొట్టిందెవరు బాబాయ్?" అన్నాడు మెషిన్ల కుర్రాడొకడు ఆత్రంగా.

మామగారు నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, పక్కనే కూర్చున్న సొంత కూతురి వైపు చూడనైనా చూడకుండా అన్నాడు.

"ఎవరో కొట్టార్లే."

నిచ్చెన "నాన్నా!" అని అరిచి పడీ పడీ నవ్వింది. జానెడు నవ్వలేకపోయింది. చేతిలో అన్నం ముద్ద అలాగే పట్టుకుని, తల వంచుకుని ఏడ్చేసింది.