ఎజిదియో తాత టికెట్టు

ఓడ అడుగు అంతస్తులో రేకు గిన్నెల చప్పుడుతో తెల్లారేది. ఆరుగురికో జట్టు, జట్టుకో పెద్ద. ఆ పెద్దే వంటగది ముందు వరసలో నిలబడి అందరి వాటా తేవాలి. మద్దలేనా వాళ్ళ జట్టుకి పెద్ద ఆమె మామగారు ఎజిదియో. నల్ల కాఫీ, రాయిలాంటి రొట్టె తెచ్చి, తన వాటా మనవరాలు దొనాతా ఒళ్ళో పడేసేవాడు. చచ్చిపోయినవాడికి ఆకలేముంటుంది?

ఆయన పోయింది ఫిబ్రవరిలో ఒక సోమవారం. మంగళవారం అమెరికా నుంచి కొడుకు సవేరియో పంపిన టికెట్లు వచ్చాయి, మూడు. బుధవారం పొద్దున శవపెట్టె మూత బిగించబోతుంటే ఎజిదియో లేచి కూర్చుని బూట్లు అడిగాడు.

"పిల్లాడు నా పేరున టికెట్టు కొన్నాడు. వాణ్ణి ఓసారి చూసొచ్చి పడుకుంటాలే," అన్నాడు.

అదీ నిజమేనని ఊరి ఫాదరుగారు ఆయన కోసం తవ్వించిన గోతి మీద చెక్కలు పరిపించారు. నేపుల్స్ రేవులో గుమాస్తా మూడు పేర్లూ చదివి, ముగ్గురినీ ఎక్కించుకున్నాడు.

ఓడలో జ్వరం తగిలినవాళ్ళు, "ఎజిదియో తాతా, కాస్త నుదుటి మీద చెయ్యి వెయ్యవూ," అని పిలిచేవాళ్ళు. ఆయన చెయ్యి ఊటబావి నీళ్ళంత చల్లగా ఉండేది మరి. కాదనకుండా వెళ్ళేవాడు.

పదకొండో రోజున దొనాతా కళ్ళు ఎర్రబడ్డాయి. మర్నాటికి రెప్పలు అంటుకుపోయాయి. మద్దలేనా గోరువెచ్చని నీళ్ళతో తుడిచింది, సోపు గింజలు కాచి కడిగింది. ఏం చేసినా పుసి ఊరుతూనే ఉంది. పక్క పడక పెప్పీనాకి అమెరికా వెళ్ళడం రెండోసారి. ఆమె పిల్ల గడ్డం పట్టుకుని చూసి పెదవి విరిచింది.

"ఈ కళ్ళతో దింపరే తల్లీ. రెప్ప తిరగేసి చూస్తారు. కోటు మీద సుద్దముక్కతో గుర్తేసి ఇదే ఓడలో తిప్పి పంపేస్తారు."

"తొమ్మిదేళ్ళ పిల్లనా!"

"ఒక్కదాన్నే పంపుతారా ఏంటి? కూడా నువ్వూ పోతావు."

మద్దలేనా తడిగుడ్డ మళ్ళీ పిండింది. సవేరియో వెళ్ళి ఏడేళ్ళయింది. అప్పటికి దొనాతా ఇంకా పాలు మానలేదు. రెండుసార్లు రమ్మంటే ఏదో అడ్డొచ్చి మానుకుంది. మూడోసారి ఉత్తరంలో ఒక్కటే మాట రాశాడు, "ఈసారి రాకపోతే ఇక రమ్మనను." అక్కడ అతని బట్టలుతికి పెట్టే విధవరాలెవరో ఉందని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటే ఆమె చెవిన పడకపోలేదు. ఆ విధవరాలి గురించి ఆమె మామగారితో ఎప్పుడూ అనలేదు. ఆయనా అడగలేదు.

పదిహేడో రోజు పొద్దున తీరం కనిపించింది. జనమంతా కమ్మీల దగ్గరికి తోసుకుపోయారు. దొనాతా మాత్రం తాత ఒళ్ళో తల పెట్టుకుని, "ఏం కనిపిస్తోంది తాతా?" అని అడుగుతోంది.

"నువ్వే చూద్దువుగాని. కదలకు."

ఎజిదియో రెండు చేతులూ పిల్ల మొహం మీద కప్పాడు. చాలాసేపు అలాగే ఉంచాడు. చేతులు తీసేసరికి దొనాతా కళ్ళు కడిగినట్టున్నాయి. నల్లగా ఉండే కళ్ళు తాత కళ్ళ తేనెరంగులోకి మారాయి. ముసలాయన రెప్పలు ఎర్రగా ఉబ్బి పుసి కారుతున్నాయి.

మద్దలేనా ఆయన భుజం పట్టుకుంది. "ఏం చేశారు మామయ్యా! కొడుకుని చూడ్డానికే కదా ఇంతదూరం వచ్చారు!"

"పిల్లకి ముందు బోలెడు బతుకుంది. నీ కాపురం సంగతి నాకు తెలీదనుకున్నావా? పదమ్మా, వరస కదుల్తోంది. చెయ్యి పట్టుకో, మెట్లు కనపడ్డంలేదు."

ఓడ దిగినవాళ్ళని పరీక్ష చేసే ద్వీపంలో డాక్టరు దొనాతా రెప్పలు తిరగేసి చూసి పొమ్మన్నాడు. మద్దలేనా మీద కూడా గుర్తెయ్యలేదు. నాడి పట్టుకుని ఉంటే ఎజిదియో సంగతి ఏమయ్యేదో గాని, కళ్ళు చూడగానే కోటు మీద సుద్దతో గీసి పక్క బల్ల మీద కూర్చోబెట్టాడు. మద్దలేనా వంగి ఆ చల్లటి చేతిని ముద్దుపెట్టుకుంది.  వెనకవాళ్ళు తోస్తున్నారు.

బయట తడికె అవతల వందమంది మగాళ్ళున్నారు. మద్దలేనా వెతికి వెతికి విసిగిపోయింది. ఆమెకి గుర్తున్న సవేరియోకి గుబురు మీసం, నిండు బుగ్గలు. అలాంటివాడు అక్కడెవడూ లేడు. దొనాతా మాత్రం తల్లి చెయ్యి విడిపించుకుని, చెంపలు పీక్కుపోయి, మీసం గొరిగించుకున్న ఒకతని దగ్గరికి తిన్నగా నడిచి వెళ్ళింది. అతను ముందు నుంచున్న పిల్లని చూసి, వెనకే వస్తున్న మద్దలేనాని చూసి, చప్పున మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నాన్న ఏడీ?" అన్నాడు ఇద్దరినీ కలిపి పట్టుకుని.

"వెనక్కి పంపేస్తున్నారు. కళ్ళు బాగాలేవట," అంది మద్దలేనా.

సవేరియో తడికె వైపు తల తిప్పాడు. దొనాతా అతని గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. ఎడమ చెయ్యి ఎత్తి, ఉత్తరాల్లో అతను ఎన్నడూ రాయని, సగం తెగిన వేలు చూసింది. మళ్ళీ మొహం చూసింది. రెప్ప వెయ్యడం లేదు.

"ఏంటమ్మా అలా చూస్తావు?" అతను తల దించుకోబోయాడు.

"చూడనియ్యి సవేరియో. ఏడేళ్ళయింది నిన్ను చూసి," అంది మద్దలేనా.