నలభై ఎనిమిది అరగంటలు

"నిన్న పొద్దున నాలుగు గంటలకు ఏం చేస్తున్నవక్కా?"

సర్వే పిల్ల ఆ మాట మామూలుగానే అడిగింది. చాటలో బియ్యం ఏరుతున్న శారద చేయి మాత్రం అక్కడే ఆగిపోయింది.

ఆ పిల్ల పేరు ప్రవళిక, ఊరు బోయినపల్లి అని రాగానే చెప్పింది. సిరిసిల్లలో ఈ వాడకు శారద ఇల్లు ఒక్కటే పడిందట. ఇక్కడ అయిపోగానే పన్నెండు గంటల బస్సుకు కోనరావుపేట పోవాలట. గడప పక్కన చాప మీద కూర్చొని, పలకంత ఉన్న ఫోను ఒళ్లో పెట్టుకుంది. నిన్న తెల్లవారుజాము నాలుగు నుంచి ఇవాళ నాలుగు దాకా అరగంటకొక సంగతి చెప్పాలంది. మొత్తం నలభై ఎనిమిది అరగంటలు.

"గిదంత ఎందుకమ్మా?" అని అత్త మొగిలవ్వ అడిగింది. ఆమె గోడకు చేరగిలబడి బీడీ ఆకు కత్తిరిస్తోంది.

"దేశాలన్ని కలిసి ఒక మాట అనుకున్నయవ్వా. రెండు వేల ముప్పై వచ్చేసరికి దునియల గరీబోళ్లు ఉండొద్దని. ఎవ్వలు ఎంత పని చేస్తున్నరో తెల్వకుంటే ఎట్లయితది? ఆడోళ్ల ఇంటిపని ఇన్నొద్దులు ఎవ్వలు రాయలే. గందుకే ఇప్పుడు రాస్తున్నం."

"రాసుకోని ఏం జేస్తరు బిడ్డా? వచ్చి బోళ్లు తోముతరా?"

ప్రవళిక నవ్వింది. మంచం మీద పడుకున్న శారద భర్త గంగాప్రసాద్ కూడా కళ్ల మీది చేయి తీయకుండానే నవ్వాడు. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన మనిషి. నిద్రపోతున్నాడేమోనని శారద అప్పటిదాకా ఆశపడింది. నిజంగా నిద్రపోతే ఆయన నోరు కొంచెం తెరుచుకుంటుంది. ఇప్పుడు మూసే ఉంది. పైగా కుడికాలి బొటనవేలు కదులుతోంది.

నిన్న పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా తాను ఎక్కడ ఉన్నదో ఈ ఇంట్లో కూతురు అఖిలకు తప్ప ఎవరికీ తెలియదు. పదిన్నర రావడానికి ఇంకా పదమూడు అరగంటలు ఉన్నాయి.

"కండెలు చుట్టిన," అంది శారద.

"నాలుగింటికేంది కండెలు?" అన్నాడు గంగాప్రసాద్. "నువ్వు లేసేదే ఐదింటికి గదా."

"కరెంటు పోతదన్నరు. గందుకని."

ఆయన బొటనవేలు ఆగింది.

పనిచ్చే ఆసామి షెడ్డు వెనక సందులోనే ఉంది. అక్కడ ఎనిమిది సాంచాలను, అంటే మరమగ్గాలను, రాత్రి గంగాప్రసాద్, పగలు ఇంకొకతను నడుపుతారు. రెండు షిఫ్టులకూ చిన్న గొట్టాలకు నూలు చుట్టి, ఆ కండెలు గంపలో పంపేది శారదే. పెళ్లయి వచ్చిన వారానికే కండెల మిషన్ ముందు కూర్చుంది, పదిహేనేళ్లు అవుతోంది. కండెల కూలి ఆయన కూలిలోనే కలిసి వస్తుంది గనుక అది ఆమె పని కిందికి రాదు. ఎవరైనా అడిగితే "ఇంట్లనే ఉంటది" అంటారు. కండె అందకపోతే సాంచ ఆగుతుంది. నడిచే ఎనిమిదింటిలో ఒక్కటి ఆగినా ఆ తేడా సందు చివరికి వినిపిస్తుంది, నిద్రలో ఉన్న గంగాప్రసాద్ కూడా లేస్తాడు. అందుకే నాలుగు రోజులు వరుసగా ఒక గంట ముందు లేచి, కొన్ని కండెలు ఎక్కువ చుట్టి, ఖాళీ నీళ్ల డ్రమ్ములో దాచింది. నిన్న ఆ కండెలన్నీ రెండు గంపలకెత్తి షెడ్డులో పెట్టి, పొదుపు సంఘం మీటింగ్ అని అత్తకు చెప్పి, రాతకోతలకు అఖిల ఉండాలని దాన్నీ తీసుకొని వెళ్లింది. సాంచ ఆగలేదు. ఆయన లేవలేదు. అన్నీ సరిగ్గానే కుదిరాయి. కాని ఒక పిల్ల వచ్చి అరగంటకొకటి చొప్పున అడుగుతుందని ఎవరు అనుకుంటారు?

"ఐదు గంటలకు?"

"వాకిలి ఊడ్చి సానుపు చల్లిన. నల్ల వచ్చింది, నీళ్లు పట్టిన."

"ఐదున్నరకు?"

"పొయ్యి మీద చాయ పెట్టిన. అత్తమ్మకు మందుగోలి ఇచ్చిన."

"చాయ మరిగేటప్పుడు వేరే పని ఏమన్న చేసినవా అక్కా? ఒక్క అరగంటల రెండు మూడు పనులున్నా రాసుకోవచ్చు."

శారద తల ఎత్తి చూసింది. ఇది అడిగేవాళ్లు కూడా ఉంటారా? చాయ మరుగుతుంటే బోళ్లు తోముతుంది. అన్నం ఉడుకుతుంటే లోపలికి ఉరికి మిషన్ వేస్తుంది. మిషన్ తిరుగుతుంటే కూరగాయలు కోస్తుంది. తెగిన పోగు అతికేటప్పుడు రేపు కూరేమిటని ఆలోచిస్తుంది. ఆ పిల్ల ఒక్కొక్కటి వేలితో నొక్కి రాసుకుంటోంది. తన రోజు ఇంత పొడుగు ఉంటుందని శారదకు తెలియదు. భయపడుతూనే, అడగనివి కూడా చెప్పసాగింది. ఏడుకు ఆయన వచ్చిండు, వేడినీళ్లు తోడిన. ఏడున్నరకు అన్నం పెట్టిన. ఎనిమిదికి ఆయన బట్టలు నానబెట్టిన, నూలు పీచు పోవాలంటే రెండు మాట్ల ఉతకాలె. ఎనిమిదిన్నరకు అత్తమ్మ బీడీ ఆకు నీళ్లల్ల తడిపిన.

"గది గూడ చెప్తవా?" అంది మొగిలవ్వ. "నా ఆకు నేను తడుపుకోలేన్నా?"

"తడుపుకోలేవని అన్లేదత్తమ్మా. నేను తడిపిన అన్న."

"ఇయ్యాల దీని నోరు బాగ లేస్తున్నది," అన్నాడు గంగాప్రసాద్, ఎవరితోనూ కాకుండా, పైకప్పుతో అన్నట్టు.

ఆ గొంతు మెల్లగా వచ్చినప్పుడే శారదకు భయం. చూపు దానంతట అదే తలుపు పక్క గోడ మీదికి పోయింది. అక్కడ అరచేతి ఎత్తున సున్నం పెచ్చు ఊడి ఇటుక కనిపిస్తోంది. పది రోజుల కింద అఖిల ఎనిమిదో తరగతి పుస్తకాల మాట ఎత్తినప్పుడు ఆయన చేతిలో నాడె ఉంది. మగ్గంలో పోగుతో అటూ ఇటూ పరుగెత్తే ఆ నాడెకు రెండు కొసలా ఇనుప మొనలుంటాయి. అది అఖిల చెవికి జానెడు దూరంలో గోడకు తగిలింది. "ఏడు సదివింది సాలు. మీ అమ్మ ఒక్కదానితోని ఎనిమిది సాంచాల కండెలు అయితయా?" అన్నాడు. తర్వాత అన్నం తింటూ, ఏమీ జరగనట్టు, "నేనేమన్న కొట్టిన్నా? గోడకు గదా తగిలింది," అన్నాడు. అవును, గోడకే తగిలింది. అప్పటి నుంచి శారదకు ఏ మాట అనాలన్నా ముందు ఆ పెచ్చు కనిపిస్తుంది.

లోపలి గదిలో కండెల మిషన్ గర్రుమంటూనే ఉంది. దాని ముందు అఖిల ఉంది.

"పది గంటలకు?"

"గంపలు షెడ్డుల ఇచ్చొచ్చిన."

"పదిన్నరకు?"

శారద చాటలోకి చూసింది. ఒక రాయి కనిపించింది. తీసి పక్కన పెట్టింది. ఇంకో రాయి కోసం వెతికింది.

"సంఘం మీటింగుకు పోయింది," అంది మొగిలవ్వ. "మనుమరాలిని గూడ తోల్కపోయింది. మల్ల ఒంటిగంట దాటినంక వచ్చిండ్రు."

అబద్ధం సిద్ధంగా ఉంది. తాను ఊఁ అంటే చాలు, ఆరు అరగంటలు ఒక్క దెబ్బకు నిండిపోతాయి. సోమవారం లోపల ఎప్పుడైనా తీసుకురమ్మని కోనరావుపేట హాస్టల్ బడి వార్డెన్ అన్నది. ఇవాళ శనివారం. రెండు రోజులు నోరు మూసుకుంటే గడుస్తుంది. నిన్న ఆ బడిలో వార్డెన్ కాగితాలు నింపుతుంటే, అఖిల గోడ మీద వేసిన పదిహేడు రంగుల డబ్బాలు చదివి వినిపించింది. మొదటి డబ్బాలో పేదరికం ఉండొద్దని ఉంది, నాలుగోది చదువు, ఐదోది ఆడ మగ సమానమని. లోకమంతటికీ అవేనట. "గివన్ని ఎవలు చేస్తరట బిడ్డా?" అని శారద అడిగింది. "అందరు చెయ్యాల్నటమ్మా," అంది అఖిల. ఆ అందరిలో తానూ ఉన్నానని శారదకు అప్పుడు తోచలేదు. వార్డెన్ చూపిన చోట వంకరగా సంతకం పెట్టి, బస్సు తప్పిపోతుందని ఉరుకుతూ వచ్చింది.

"ఏ మీటింగ్ గది?" గంగాప్రసాద్ లేచి కూర్చున్నాడు. "మూడు గంటల మీటింగా?"

శారద చాటను ఒళ్లోకి జరుపుకుంది.

"నువ్వు లేవు. అఖిల లేదు. మరి నిన్న పగటీలి సాంచాలు ఒక్కటి గూడ ఆగలే. కండెలెవ్వలు చుట్టిండ్రు?"

"ముందుగాల చుట్టి పెట్టిన."

"ముందుగాల అంటే?" ఆయన వేళ్లు మంచం పట్టె మీద ఆడాయి. "నాలుగింటికా? కరెంటు పోతదని నాకెవ్వడు చెప్పలే మరి. రాత్రంత నేను షెడ్డులనే ఉన్న."

నేత పని తెలిసిన మనిషి. ఇంకేమీ తెలియకపోయినా ఒక గంటకు ఎన్ని కండెలు అవుతాయో ఆయనకు తెలుసు. శారద అరచేతులకు బియ్యపు గింజలు అంటుకున్నాయి.

"చెల్లె, నువ్వు మా బిడ్డను అడుగు," అన్నాడు ప్రవళికతో, చాలా మర్యాదగా. "పిల్లలు అబద్ధం చెప్పరు. అఖిలా, ఇట్రా."

"ఆమెను గూడ అడగాలె అన్నా. ఆరేండ్లు దాటినోళ్లందర్ని ఎవ్వలకు వాళ్లను అడగాలె," అంది ప్రవళిక. కాని ఆ పిల్ల గొంతు తగ్గింది. ఆమె కూడా ఏదో పసిగట్టింది.

లోపల మిషన్ ఆగింది. ఆ చప్పుడు ఆగితే ఇల్లు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అనిపించింది. అఖిల తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. జడ మీద, కనుబొమ్మల మీద తెల్లని నూలు పీచు.

"నిన్న పదిన్నరకు ఏడున్నవ్?" అన్నాడు తండ్రి.

అఖిల నోరు తెరిచింది. తెరిచి, ఒక్క క్షణం గోడ వైపు చూసింది.

ఆ చూపు శారద చూసింది. అది తన చూపే. మాట పెదవి దాటే ముందు గోడను అడగడం. పదిహేనేళ్లలో తనకు అలవాటైన భయం పదమూడేళ్ల పిల్లకు పది రోజుల్లో వచ్చేసింది. ఇప్పుడు ఈ పిల్ల అబద్ధమాడితే బతుకంతా ఆడుతుంది. నిజం చెబితే దెబ్బ దానికే తగులుతుంది. ఈసారి గోడకు తగలదు.

"దాన్ని అడుగకు," అంది శారద. "నా అరగంటలు ఇంక అయిపోలే. రాయి చెల్లె. పదిన్నరకు నేను, నా బిడ్డ కోనరావుపేట బస్సెక్కినం."

ప్రవళిక వేలు పలక మీద నిలిచింది.

"పదకొండుకు బస్సుల ఉన్నం. పదకొండున్నరకు హాస్టల్ బడిల వార్డెనమ్మ ముంగట కూసున్నం. పన్నెండుకు ఎనిమిదో తరగతిల అఖిల పేరు రాసిండ్రు. సంతకం నేను పెట్టిన. పన్నెండున్నరకు బస్సు కోసం ఉన్నం. ఒంటిగంటకు బస్సుల."

మొగిలవ్వ కత్తెర నేల మీద పెట్టింది. "కొంప ముంచినవ్ గదనే," అంది, కేక కాదు, ఊపిరిలా.

గంగాప్రసాద్ మంచం దిగాడు. కిటికీ అంచున పాత నాడె ఒకటి ఉంటుంది. ఆయన చేయి అటు పోయింది. తాకింది. ప్రవళిక తల ఎత్తి ఆయననే చూస్తోంది, ఒళ్లో పలక వెలుగుతోంది. ఆయన చేయి నాడె మీదే ఉంది. తీయలేదు, ఎత్తనూ లేదు.

"రాసినవా?" అని శారద అడిగింది.

"రాసినక్కా. ఆఫీసుకు పోయింది గూడ. ఇంక దిద్దడానికి రాదు."

"ఇంక ఎన్ని మిగిలినయి?"

"ఇరవై తొమ్మిది."

ఆ పిల్ల ఇక్కడ కూర్చున్నంతసేపు ఆ చేయి లేవదని శారద లెక్క వేసుకుంది. అంతకు మించి ధైర్యమేదీ ఆమెలో లేదు.

"నిమ్మలంగ అడుగు. అన్ని చెప్త," అంది. తర్వాత తల తిప్పకుండానే, "అఖిలా, నీ పెట్టె తెచ్చి గడప కాడ పెట్టు బిడ్డా. ఈ అక్క పన్నెండు గంటల బస్సుకు పోతదట. ఆమె వెంబడే మనిద్దరం పోదాం."

అఖిల ఈసారి గోడ వైపు చూడలేదు. లోపలికి వెళ్లింది. రేకు పెట్టె నేల మీద ఈడుస్తున్న చప్పుడు వినిపించింది.

ప్రవళిక మళ్లీ పలక మీదికి వంగింది. "ఒకటిన్నరకు ఏం చేసినవక్కా?"

"ఇంటికొచ్చిన. కండెలు చుట్టిన. నా బిడ్డ గూడ చుట్టింది. దానికి గదే ఆఖరని రాయి."

"గట్ల రాయడానికి దీంట్ల జాగ లేదక్కా."

"అయితే నువ్వు యాదిల పెట్టుకో," అంది శారద.